టోపీ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: తొంబదియాఱు నెక్కించి, మెలి పడకుండఁ గలిపి, రెండు నిట్టు రెండు పర్లుగా రెండంగుళములు, ఆపై ఆఱంగుళముల దాఁక నిట్టే, పిదప నెనిమిది తావులఁ దగ్గించుచు, ఎనిమిది మిగిలినంతఁ దారము తెంచి బిగించునది.

అవతారిక: ఊలు టోపీ అల్లే విధానం ఇంతే. సంస్కృతంలో సూత్రమంటే దారమనీ అర్థం, క్లుప్తంగా చెప్పిన శాస్త్రవాక్యమనీ అర్థం. ఆ రెండర్థాలూ ఒక్కచోటే చెల్లడం అల్లిక నమూనాకు దక్కిన భాగ్యం. సూత్రకారుడికి అక్షరాల పొదుపు మరీ ఎక్కువ కనుక టీక లేనిదే ఈ సూత్రం తలకెక్కదు. మెదక్ జిల్లా కొల్చారంవాడని చెప్పుకునే మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయనని మాట ఇచ్చాడు. టోపీ వ్యాఖ్యాతకు ఆ సౌకర్యం లేదు. ఇక్కడ కావలసినవన్నీ మూలంలో లేనివే.

టీక: ‘తొంబదియాఱు’ అనగా తొంభై ఆరు. వేటిని? విశేష్యం లేదు, ‘కుట్లు’ అని అధ్యాహారం చేసుకోవాలి. తొంభై ఆరే ఎందుకన్నదానికి జవాబు తలలోనే ఉంది. పెద్దవాళ్ల తల చుట్టుకొలత సుమారు 22 అంగుళాలు. టోపీ అంతకంటే రెండంగుళాలు తక్కువుంటేనే సాగి తలను పట్టుకుంటుంది. మధ్యరకం లావు ఊలుతో అంగుళానికి ఐదు కుట్లు పడితే, 20 అంగుళాలకు 100. అయితే రెండు నిట్టు రెండు పర్లు (ఇవి కుట్లలో రెండు రకాలు, వివరం కింద) కుదరాలంటే ఆ సంఖ్య 4తో పోవాలి, నెత్తిన ఎనిమిది తావుల్లో తగ్గాలంటే 8తోనూ పోవాలి. 100 మొదటిదానికి లొంగుతుంది, రెండోదానికి లొంగదు. దానికి దిగువన రెండింటికీ లొంగేది 96. సూత్రకారుడు లెక్కంతా కడుపులో దాచుకుని జవాబు మాత్రం చెప్పాడు.

పూర్వపక్షం: అంగుళానికి ఐదే పడతాయని ఎవరన్నారు? సిద్ధాంతం: ఎవరూ అనలేదు. చేయి వదులైనవారికి నాలుగే పడితే అవే 96 కుట్లు 24 అంగుళాలై, టోపీ కళ్ల మీదికి దిగుతుంది. చేయి బిగువై ఆరు పడితే 16 అంగుళాలు. అది పసివాడి పాలు. అందుకే ముందొక చిన్న ముక్క అల్లి కుట్లు లెక్కపెట్టుకొమ్మని పెద్దలు చెబుతారు, పిన్నలు వినరు. ఇంగ్లండులో పుట్టి అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్‌ను ఈ శాస్త్రానికి ఇరవయ్యో శతాబ్దపు భాష్యకారిణి అనవచ్చు. 1971లో వచ్చిన ఆమె పుస్తకానికి ‘నిటింగ్ వితౌట్ టియర్స్’ అని పేరు, అంటే కన్నీళ్లు లేని అల్లిక. నమూనా ముక్క బదులు టోపీనే అల్లి చూడమన్నది ఆమె. కారణం సూక్ష్మమైనది. ముక్కను అటూ ఇటూ తిప్పి అల్లేటప్పుడు ఒక వరుస నిట్టు, ఒక వరుస పర్లు వస్తాయి. చాలామంది చేతికి పర్లు కాస్త వదులు. గుండ్రంగా నిట్టు అల్లుకుంటూ పోతే పర్లు వరుసే ఉండదు కనుక ముక్క చెప్పిన సాక్ష్యం టోపీ విషయంలో చెల్లదు. తలకు పడితే అది టోపీ, పడకపోతే నమూనా ముక్క.

‘మెలి పడకుండఁ గలిపి’: సూత్రంలో ప్రాణం ఇక్కడుంది. టోపీ అల్లేది సర్క్యులర్ సూదితో, అంటే రెండు మొనలు, నడుమ వంగే ప్లాస్టిక్ తీగ. కుట్లన్నీ ఆ తీగ మీద బారుగా కూర్చుంటాయి. వాటి అడుగు అంచు అంతా వలయం లోపలికే చూస్తూ ఉండాలి. ఎక్కడో ఒకచోట ఆ అంచు తీగ మీదుగా పైకెక్కి అవతల దిగిందా, అలాగే కలిపేస్తే టోపీకి జన్మాంతం మెలి. చిక్కేమిటంటే అది మొదట కనిపించదు. 96 కుట్లూ సంత బస్సులో జనంలా ఒత్తుకుని ఉంటాయి. అంగుళం ఎత్తు లేచాక ఒళ్లో పరిస్తే తెలుస్తుంది: ఒకచోట జంతికలా మడత, ఎటు సర్దినా పక్కకు జరుగుతుందే తప్ప పోదు. మొదటి చుట్టు కాగానే చూసుకుంటే, కలిపినచోట ఉన్న ఒక్క దారప్పోగు దగ్గర దాన్ని తిప్పేయవచ్చు. ఆ తరువాత ఊడదీయడమే గతి. కొందరు దీన్ని మోబియస్ పట్టీ అంటారు, అది అపవ్యాఖ్య. మోబియస్‌కు అరమెలి కావాలి, దాని అంచు ఒక్కటే. ఇక్కడ పడేది నిండుమెలి. అంచులు రెండూ రెండుగానే ఉంటాయి, టోపీ మాత్రం ఉండదు.

ఊడదీయడాన్ని ఇంగ్లీషు అల్లికవాళ్లు కప్ప పేరుతో చెప్పుకుంటారు. ‘రిప్ ఇట్, రిప్ ఇట్’ అంటూ దారం లాగితే వాళ్ల కప్ప అరుపులా ఉంటుందని శ్లేష. తెలుగు కప్పలు బెకబెకమంటాయి కనుక ఇది అనువాదానికి లొంగదు.

‘రెండు నిట్టు రెండు పర్లు’: ఛందోనియమం. నిట్టు కుట్టు ముందు నుంచి జడపాయలా నిలువుగా కనిపిస్తుంది, పర్లు అడ్డంగా బుడిపెలా. నిట్టును గురువనీ పర్లును లఘువనీ అనుకుంటే, పాదానికి గగలల చొప్పున 24 ఆవృత్తాలు. పాదాంతం తెలియడానికి సూదికి ఒక రింగు తగిలిస్తారు. పద్యంలో ప్రాస రెండో అక్షరంతో సరి. ఇక్కడ ప్రతి కుట్టుకూ ప్రాస పాటించాలి, నిట్టు మీద నిట్టే, పర్లు మీద పర్లే. అలా నిలువు గీతలుగా పడితే నిట్టు ముందుకు పొంగి, పర్లు వెనక్కి తగ్గి, అల్లిక హార్మోనియం తిత్తిలా ముడుచుకుంటుంది. చెవుల మీద పట్టు దీనివల్లే. ఒక కుట్టు తప్పితే ప్రాసభంగం. అది ఎదుటివాళ్లకు తెలియదు, అల్లినవాళ్లకు నిద్రపట్టదు.

‘ఆఱంగుళముల దాఁక నిట్టే’: ఏవకారం వల్ల పర్లు నిషేధం. సందేహమల్లా ఆ ఆరు ఎక్కడినుంచి అన్నదే. అడుగు అంచు నుంచి కొలవడం సంప్రదాయం. నిట్టు-పర్లు పట్టీ పైనుంచి కొలిచినవాళ్లకు రెండంగుళాలు మిగిలి, టోపీ వెనక్కి వేలాడుతుంది. అది కూడా ఒక ఫ్యాషనేనని వాళ్లు సమర్థించుకుంటారు.

‘తగ్గించుచు’: పది కుట్లు అల్లి, తరువాతి రెండింటినీ కలిపి ఒకటిగా అల్లాలి, చుట్టంతా ఇలా చేస్తే ఎనిమిది పోతాయి. 96 నుంచి 88, 80, 72... అలా పదకొండు చుట్లకు ఎనిమిది మిగులుతాయి. నడుమ ఒక్కో సాదా చుట్టు అల్లాలని మూలంలో లేదు. అల్లకపోతే నెత్తి ముడతలు పడి, టోపీ లోతు ఒకటిన్నర అంగుళం తరుగుతుంది. ఇంకొకటి కూడా లేదు: వలయం చిన్నదయ్యేకొద్దీ కుట్లు తీగ చుట్టూ అందవు. అప్పుడు రెండువైపులా మొనలున్న పొట్టి సూదులకు మారాలి. నాలుగింటి మీద కుట్లు, అయిదోది చేతిలో. చూసేవాళ్లకు ముళ్లపందిని ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టుంటుంది.

‘బిగించునది’: మిగిలిన ఎనిమిది కుట్ల లోంచి తెంచిన దారాన్ని మొద్దు సూదితో దూర్చి లాగితే, డబ్బుల తిత్తి మూతిలా నెత్తిమీది కంత మూసుకుపోతుంది.

తాత్పర్యం: టోపీ అల్లవలెనని భావం. కుట్లు మొత్తం ఐదువేల పైచిలుకు.

పదవిచారం: ‘అల్లు’ ధాతువు బహువిషయం. జడ, బుట్ట, పందిరి మీద తీగ, కవిత, అబద్ధం అన్నీ అల్లికలే. నరసాపురం లేసూ అల్లికే, కాకపోతే అది ఒక్క కొక్కెం సూదితో నూలు దారపు క్రోషే. ఈ సూత్రం అక్కడ పనికిరాదు. ‘టోపీ’తో మాత్రం జాగ్రత్త కావాలి. తెలుగులో టోపీ వేయడమంటే మోసగించడం కనుక, బహుమతిగా ఇచ్చేటప్పుడు ‘మీకు టోపీ అల్లాను’ అనడం క్షేమం. కుళ్ళాయి అన్న పాత మాటకు ఆ దోషం లేదు గాని దానికీ ఒక చరిత్ర ఉంది. కన్నడ రాజు కొలువులో కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందని శ్రీనాథుడు చాటువులో వాపోయినట్టు ప్రసిద్ధి.

శ్రీనాథుడి కష్టం ఒక్కడిది. ఇంగ్లండులో అది చట్టమే అయింది. ఆరేళ్లు దాటినవాళ్లు ఆదివారాలు, పండుగ రోజుల్లో ఆ దేశంలో చేసిన ఊలు టోపీయే పెట్టుకోవాలని 1571లో శాసనం చేశారు. ప్రభువులకు, గొప్పింటి స్త్రీలకు మినహాయింపు. టోపీలవాళ్ల బతుకుతెరువు నిలపడం ఉద్దేశం. 1597లో రద్దయింది. ఆ కాలపు మన్మత్ టోపీ ఒకటి వేల్స్‌లోని మన్మత్ ఊరి మ్యూజియంలో ఉంది. గుండ్రంగా అల్లి, తడిపి, తొక్కి గట్టిపరచిన రకం. సూత్రం మాత్రం దాదాపు ఇదే.

వినియోగం: సరదాకు అల్లేవాళ్లు టోపీని వదలకపోవడానికి వ్యాకరణ కారణం ఒకటుంది. మేజోళ్లు, చేతి తొడుగులు ద్వివచనాలు. మొదటిది పూర్తయ్యేసరికి ఉత్సాహం చాలించుకుంటుంది, రెండోది ఏళ్ల తరబడి సగంలో ఉంటుంది. టోపీ ఏకవచనం. వందగ్రాముల ఉండ ఒక్కటి చాలు. స్వెటర్ అల్లగా మిగిలి, అలమరలో పేరుకున్న ఊలును వదిలించుకోవడానికి ‘నెలకొక టోపీ’ అని వ్రతం పట్టడం అందుకే సాగుతుంది. లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో తప్ప తెలుగునాట వాటిని పెట్టుకునే చలి నాలుగు వారాలకు మించదు కనుక, పన్నెండు టోపీల్లో పదకొండు చికాగోలో చదివే కొడుక్కో, పురిటి పిల్లలకో చేరతాయి.

ఇలా గడువు పెట్టుకుని అల్లే పందేలలో ప్రసిద్ధమైనది 2006 నాటిది. టొరినో శీతకాలపు ఒలింపిక్స్ సమయంలో కెనడా రచయిత్రి స్టెఫనీ పెర్ల్-మెక్‌ఫీ ‘నిటింగ్ ఒలింపిక్స్’ ప్రకటించింది. ప్రారంభోత్సవంలో కుట్లు ఎక్కించాలి, ఫిబ్రవరి 26న జ్యోతి ఆరేలోగా పూర్తిచేయాలి. వస్తువు ఏదైనా సరే, అల్లేవారికి అది కష్టమనిపించాలి. పోటీ ఎవరితోనూ కాదు. తరువాత ఒలింపిక్స్‌లోకే అల్లిక వచ్చింది: టోక్యో క్రీడల్లో డైవింగ్ స్వర్ణం గెలిచిన టామ్ డేలీ 2021లో ప్రేక్షకుల మధ్య కూర్చుని అల్లుతూ కనిపించాడు. పతకం గీతలు పడకుండా అల్లుకున్న చిన్న సంచికి ఒకవైపు బ్రిటన్ జెండా, మరోవైపు జపాన్ జెండా.

శేషం: బిగించాక కూడా టోపీకి రెండు తోకలు వేలాడుతుంటాయి, ఎక్కించినప్పటిది ఒకటి, తెంచినప్పటిది ఒకటి. వాటి మాట మూలంలో లేదు. అవి దాచితేనే టోపీ పూర్తయినట్టు లెక్క. లోపలివైపు, కుట్ల వెనక్కి, అటు రెండంగుళాలు ఇటు రెండంగుళాలు మొద్దు సూదితో తిప్పి కత్తిరించాలి.