గడప దాటని కారు: టీకా తాత్పర్యం

అవతారిక

సైదాబాద్‌లో మా తాతయ్య కట్టించిన ఇంటి వాకిట్లో, సపోటా చెట్టు కింద, 1970 మోడల్ ఫియట్ ఒకటుంది. తాతయ్య దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. అప్పటినుంచి దానికి టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా నాలుగు మూలలా ఇటుకలు పెట్టి ఉంచుతున్నాం. నిరుడు ఒకాయన కొంటానని వచ్చాడు. ధర కుదిరింది, చాయ్ తాగాడు, కప్పు కింద పెడుతూ "బండి ఎవరి పేరు మీద ఉంది సార్?" అన్నాడు. నాయనమ్మ నాన్నను చూసింది, నాన్న బాబాయిని చూశాడు, బాబాయి సపోటా చెట్టును చూశాడు. "తాతయ్య పేరే అయ్యుంటుంది" అన్నాం. వచ్చినాయన వెళ్ళిపోయాడు. తెలుగు మాస్టారుగా రిటైరైన బాబాయి ఆ రాత్రే ఈ పద్యం చెప్పాడు. టీక రాసే పని నాకు పడింది.

మూలం (ఆటవెలది)

కొన్న వాఁడు వేరు కూర్చుండు వాఁడొండు
తుడుచు నొకఁడొకండు తోలుచుండు
కార్డు మీద పేరు కడకుఁ గాటికిఁ బోయె
కదలదాయె కారు గడప దాటి

టీక

కొన్న వాఁడు = డబ్బు కట్టినవాడు (ఇచట తాతయ్య); వేరు = ఒకరు; కూర్చుండు వాఁడు = వెనక సీటులో కూర్చునేవారు (ఇచట నాయనమ్మ; పుంలింగం ఛందస్సు కోసం); ఒండు = మరొకరు; తుడుచున్ ఒకఁడు = ఆదివారం పొద్దున పాత బనీనుతో బానెట్ తుడిచేది ఒకడు (టీకాకారుడు); ఒకండు తోలుచుండు = తోలేది ఇంకొకడు (బాబాయి); కార్డు మీద పేరు = ఆర్‌సీలో యజమాని గడిలో ఉన్న పేరు; కడకున్ = చివరికి; కాటికిన్ పోయె = శ్మశానానికి వెళ్ళింది; కారు = ఆ బండి; గడప దాటి = గేటు దాటి; కదలదాయె = కదలకపోయింది.

తాత్పర్యం

ఒకే కారుకు కొన్నవారు, ఎక్కినవారు, తుడిచినవారు, తోలినవారు వేర్వేరు. కాగితం మీదున్నాయన కాలం చేశాక, ఇంతమంది ఉండీ బండి అమ్మడానికి లేదు, తీయడానికి లేదు.

విశేషాలు

1. "తోలుచుండు" ద్రుతాంతం. తరువాతి కకారానికి సరళాదేశం వచ్చి "గార్డు" కావలసింది. వాచ్‌మన్ అనుకుంటారని కవి మానుకున్నాడు. "కార్డు" అన్నదీ కవిసమయమే. ఆ కాలపు బండికి ఉండేది ఆర్‌సీ పుస్తకం. అది ఎక్కడుందో ఈ టీక మొదలుపెట్టేనాటికి ఎవరికీ తెలియదు.

2. "వేరు" అన్న మాటలోనే పద్యం ప్రాణముంది. 1988 మోటారు వాహనాల చట్టం రెండో సెక్షన్ ప్రకారం యజమాని అంటే ఎవరి పేర రిజిస్ట్రేషన్ ఉందో ఆ వ్యక్తి. బండిని ఆస్తిగా చేతులు మార్చేది మాత్రం 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం. కాబట్టి ఒకే కారుకు ఇంట్లో ఒక యజమాని, రోడ్డు మీద మరొక యజమాని ఉండవచ్చు. అమ్మేసినా పేరు మార్పించకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న పేరుదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. యజమాని పోతే వారసులు 30 రోజుల్లో ఆర్టీఏకు కబురు చెప్పి, మూడు నెలల్లో పేరు మార్పుకు ఫారం 31 ఇవ్వాలి. మేము పదకొండేళ్ళుగా ఆలోచిస్తున్నాం.

3. ఈ వేర్లన్నిటినీ ఒకటి చేసే దారులేవి? పెద్దలు చెప్పిన మతాలు నాలుగు.

అద్వైతం: సొంత పేరు. కొన్నవాడు, కూర్చున్నవాడు, కార్డు మీదివాడు ఒకడే. ఖర్చు తక్కువ. తాను వాడుకునే కారు అమ్మితే లాభం మీద పన్నూ లేదు. అయితే వాడాలి. 1983లో 20 వేలకు కొన్న 1931 నాటి ఫోర్డ్ టూరర్‌ను 21 లక్షలకు అమ్మి "సొంత వాడకపు వస్తువు" అన్న ఒకాయనను, వాడినట్టు రుజువేదీ అని అడిగి 2025లో బొంబాయి హైకోర్టు పన్నును సమర్థించింది. టార్పాలిన్ కింద నిద్రపోయే కారు ఈ మినహాయింపుకు నోచుకోదు. అద్వైతానికి రెండో చిక్కు మరణం. ఇద్దరు సాక్షులతో వీలునామా రాస్తే సరి. 2021 నుంచి ఆర్‌సీలో నామినీ పేరూ రాయించవచ్చు. దానివల్ల ఆఫీసులో పని తేలికవుతుంది గానీ వారసత్వం మారదు. పక్కింటి సాహెబ్‌గారి పద్ధతి హిబా, అంటే దానం: ఇస్తున్నానని అనాలి, పుచ్చుకున్నానని అనిపించాలి, తాళాలు చేతిలో పెట్టాలి. మలక్‌పేట ఆర్టీఏలో ఫారాలు ఆయనకూ తప్పవు.

విశిష్టాద్వైతం: ఉమ్మడి కుటుంబం. అవయవాలు అనేకం, శరీరం ఒకటి, దానికి కర్త ఒకరు. తెలుగు నేల మీద 1985 నుంచే ఆడపిల్లలకు ఇందులో పుట్టుకతో వాటా ఉంది. దేశమంతటికీ అది వచ్చింది 2005లో. కానీ తాతయ్య తన జీతంతో కొన్నది, తానుగా ఉమ్మడిలో కలిపితే తప్ప ఉమ్మడి ఆస్తి కాదు. వీలునామా లేదు గనుక నాయనమ్మ, నాన్న, బాబాయి, మేనత్త సమాన వాటాదారులు. నలుగురు వారసులు, నాలుగు చక్రాలు. స్టెప్నీ విషయంలో చట్టం మౌనం.

ద్వైతం: ట్రస్టు. 1882 చట్టం ట్రస్టును ఆస్తి అనలేదు, ఆస్తి యాజమాన్యానికి తగిలించిన బాధ్యత అంది. పేరు ధర్మకర్తది, భోగం లబ్ధిదారుది. ట్రస్టుకు విడిగా వ్యక్తిత్వం లేదు గనుక యాజమాన్యం ధర్మకర్త చేతిలోనే ఉంటుంది. అయినా ఆయన దాన్ని తన బామ్మర్ది పెళ్ళికి తీసుకుపోరాదు, సొంత కారును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలి. వాటాలు ఇంతని దస్తావేజులో తేల్చకపోతే ఆదాయంపై సాధారణంగా గరిష్ఠ రేటు పన్ను. ప్రైవేటు ట్రస్టు ఆచంద్రతారార్కం నిలవదు కూడా.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చి 1911 ఆగస్టులో కన్నుమూశాడు. బండి వచ్చేసరికి గద్దె మీద ఉన్నది ఉస్మాన్ అలీ ఖాన్. కొన్న వాఁడు వేరు, కూర్చుండు వాఁడొండు! సింహాసనంలా ఎత్తిన వెనక సీటుతో ఆ పసుపు కారు నేడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఆ ఉస్మాన్ అలీ ఖానే 1950ల మొదట్లో నగలను ట్రస్టుల్లో పెట్టాడు. ఆయన 1967లో పోయినా నగలు చెల్లాచెదురు కాలేదు. 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లిచ్చి 173 నగలు కొన్నది ఆ ట్రస్టుల దగ్గరే.

మాయావాదం: కంపెనీ. లేని మనిషిని ఉన్నట్టు చట్టం చూపిస్తుంది. ప్రాణం లేదు గనుక చావు లేదు, వాటాలు చేతులు మారినా ఆర్‌సీ మీద పేరు మారదు. ప్రైవేటు లిమిటెడ్‌కు ఇద్దరు చాలు. 2013 కంపెనీల చట్టం 455వ సెక్షన్‌లో ఒక ఆస్తిని పట్టుకుని ఊరకుండే నిద్రాణ కంపెనీ కూడా ఉంది. నిద్రపోయే కారుకు నిద్రపోయే యజమాని! అయినా ఏటా లెక్కలు దాఖలు చేయాలి. డైరెక్టరు సొంత పనికి వాడితే అది ఆయనకు దక్కిన సదుపాయం కింద పన్ను లెక్కలోకి వస్తుంది. అమ్మితే సొంత వాడకం మినహాయింపు లేదు.

4. "గడప దాటి": 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. 20 వేల రుసుము, పదేళ్ళ గడువు, నంబరులో "వీఏ" అక్షరాలు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, మరమ్మతు వంటి పనులకు తప్ప రోడ్డెక్కరాదు. అంటే మాదన్నపేట మండికి కూరగాయలకు పోరాదు. వ్యాపారమూ నిషిద్ధం. పెళ్ళిళ్ళకు అద్దెకిద్దామని కంపెనీ పెట్టేవారు ముందు ఈ పాదం రెండుసార్లు చదువుకోవాలి.

5. నిజాం రోల్స్ రాయిస్‌తో చెత్త ఎత్తించాడని ఊళ్ళో చెప్పుకునేది ప్రక్షిప్తం. అదే కథ ఇంకా కొందరు రాజుల మీదా ఉంది.

ఫలశ్రుతి

టీక ముగించేముందు మూలంతో సరిచూడాలి గదా అని మొన్న ఆదివారం టార్పాలిన్ తీశాను. డ్యాష్‌బోర్డు అరలో, 1990ల నాటి పెట్రోలు రసీదుల కింద ఆర్‌సీ పుస్తకం దొరికింది. అట్ట చెదలు తిన్నా లోపలి సిరా చెదరలేదు. యజమాని గడిలో తాతయ్య పేరు లేదు. ఆయనకు బండి అమ్మిన డాక్టరుగారి పేరుంది. "ఆయనా పోయి ఇరవై ఏళ్ళు దాటింది" అంది నాయనమ్మ.

తాతయ్య ముప్పై ఏళ్ళకు పైగా తనదనుకున్న కారుకు, రోడ్డు లెక్కలో ఒక్క రోజూ యజమాని కాదు. బాబాయి కళ్ళద్దాలు సర్దుకుని పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. పద్యంలో ఒక్క అక్షరమూ దిద్దనక్కరలేదన్నాడు.