బ్రూనో వాళ్ళ నాన్న

ఆయనకు ఇంటిపేరుంది. అమ్మానాన్నలు పెట్టిన పేరుంది. విజిటింగ్ కార్డు మీద డెలివరీ మేనేజరని అచ్చయిన హోదా ఉంది. మణికొండలో ఆయన ఉండే గేటెడ్ కమ్యూనిటీలో ఇవేవీ చెల్లవు. ఫ్లాట్ నంబరు చెప్పినా సెక్యూరిటీ గార్డు బుర్ర గోక్కుంటాడు. "బ్రూనో వాళ్ళ నాన్న" అనండి. "బి బ్లాకు, నాలుగో ఫ్లోరు. మెట్లెక్కి పోండి సార్, లిఫ్టుల కుక్క ఉంటది" అని దారీ జాగ్రత్తా కలిపి చెబుతాడు.

మీ కాలనీలో ఆయన సింబా వాళ్ళ నాన్నో, కాఫీ వాళ్ళ నాన్నో అయ్యుండొచ్చు. మనిషి మాత్రం ఒక్కడే. వయసు నలభై దాటి ఉంటుంది, షుగరు సరిహద్దులో ఉంటుంది. తెల్లవారకముందే కుక్కను నడుముకు కట్టుకుని పరుగెడుతుంటాడు. మొదటి రోజుల్లో ఎదురొచ్చిన ప్రతివాళ్ళకూ ఒకే మాట చెప్పేవాడు: "వాడేం చెయ్యడండీ." ఆ మాట పూర్తయ్యేలోగా వాడు చెయ్యాల్సింది చేసేసేవాడు. కరవడం లేదు లెండి. మీదికి దూకడం, గొంతు చించుకోవడం, ఎదుటి మనిషి చేతిలోని పాల ప్యాకెట్టు కిందపడేదాకా ఊరుకోకపోవడం. ఇప్పుడాయన రెండో దశలో ఉన్నాడు. యాభై అడుగుల దూరం నుంచే చెయ్యెత్తి, "అక్కడే ఆగండి సార్, మేమే పక్కకు జరుగుతాం" అంటాడు. ఈ రెండు దశల మధ్య ఆయన చదివిన పుస్తకాలు, చూసిన వీడియోలు ఇంజనీరింగులో చదివి ఉంటే గోల్డ్ మెడలు వచ్చేదని వాళ్ళావిడ అభిప్రాయం.

బ్రూనో 2020 లాక్‌డౌన్ నాటి సంతానం. తల్లి లాబ్రడార్, తండ్రి సంగతి నార్సింగి వీధుల్లో వాకబు చెయ్యాలి. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా లోకంతో పరిచయం చేసుకునే వయసు. అప్పుడు చూసిన మనుషులు, విన్న చప్పుళ్ళు మామూలువే అనుకుని ఆ తర్వాత పెద్దగా పట్టించుకోదు. బ్రూనోకి ఆ వయసులో తెలిసిన లోకమల్లా ఇంట్లో ముగ్గురు మనుషులు, ఒక ప్రెషర్ కుక్కరు, ల్యాప్‌టాప్‌లోంచి "నా మాట వినిపిస్తోందా" అని అడిగే గొంతులు. లాక్‌డౌన్ ఎత్తేసరికి గేటు బయట స్కూటర్లు, హెల్మెట్లు, గొడుగులు, తోపుడుబళ్ళు, సాటి కుక్కలు ఒక్కసారిగా ప్రత్యక్షమయ్యాయి. ఇన్ని గండాల నుంచి ఆ కుటుంబాన్ని కాపాడే బాధ్యత తన నెత్తినే పడిందని బ్రూనో నమ్మింది. అప్పట్నుంచి డ్యూటీ దిగలేదు.

మనుషుల డాక్టరు ఆయన్ని రోజూ అరగంట నడవమని చెప్పి ఏళ్ళయింది. ఆ చీటీ ఫ్రిజ్జు మీద అయస్కాంతం కింద పసుపు రంగుకు తిరిగింది. పశువుల డాక్టరు మాత్రం "దీనికి ఒంట్లో సత్తువ ఎక్కువ, బుర్రకు పని తక్కువ. కాస్త పరుగెత్తించండి. భయపడే చోటికి మాత్రం బలవంతంగా లాక్కెళ్ళకండి" అన్నాడో లేదో, మర్నాడే బూట్లొచ్చాయి.

బూట్ల తర్వాత బెల్టొచ్చింది. యూరప్‌లో మంచుబళ్ళు లాగే కుక్కలకు మంచు లేని నెలల్లో సాధన తప్పకుండా ఉండాలని, మనుషులు వాటిని నడుముకు కట్టుకుని పరుగెత్తడం అలవాటు చేసుకున్నారు. అదే కానిక్రాస్ అనే ఆట అయింది. మనిషి నడుముకు వెడల్పాటి బెల్టు, కుక్క గొంతు నొక్కుకోకుండా ఛాతీ చుట్టూ హార్నెస్, రెండింటినీ కలుపుతూ సాగే తాడు. అది అడవి దారుల్లో ఆడే ఆట. మణికొండ సందుల్లో ఆడాలంటే దారికడ్డంగా పిల్లి రాకూడదు. వస్తే, తాడు సాగినంత సాగి, ఆ తర్వాత డెలివరీ మేనేజరు గారు కూడా డెలివరీ అయిపోతారు.

పత్తికొండ నుంచి వాళ్ళ నాన్నగారు వచ్చిన వారం ఈ కట్టుబడి చూసి అరుగు మీదే కూలబడ్డాడు. పెద్దాయనది పందికోన దగ్గరి ఊరు. కర్నూలు జిల్లాలో పందికోన పేరు మీదనే ఒక కుక్కజాతి ఉంది. పొలాలూ మందలూ కాసుకుంటూ ఎండలో వానలో పెరిగే కుక్కలు. "యాంది నాయనా, నువ్వు కుక్కను కట్టేసినావా, కుక్క నిన్ను కట్టేసిందా? మా పక్కల కుక్క దొంగ యనకాల ఉరుకుతాది. కుక్క యనకాల ఉరికేటోన్ని నిన్నే చూస్తాండా" అన్నాడు. కొడుకు నొచ్చుకోలేదు. పందికోన కుక్క మనస్తత్వం మీద పెద్దాయన్ని గంటసేపు ఇంటర్వ్యూ చేశాడు.

ఆయన విద్య చూడాలంటే ఉదయం ఐదింటికి లేవాలి. కుక్క ముందు, ఆయన వెనక, లయగా అడుగులు. సందు చివర పాల ప్యాకెట్ల కుర్రాడి మోపెడ్ దీపం కనబడుతుంది. బ్రూనో చెవులు లేస్తాయి. తోక కర్రబారుతుంది. అప్పటిదాకా నాలుక వేలాడేసి రొప్పుతున్న నోరు టప్పున మూసుకుంటుంది. ఈ నోరు మూసుకోవడమే అసలు గుర్తు, మొరుగుడు దాని తర్వాతి మెట్టు. ఆయన ఆ క్షణంలోనే ఆగి, పక్క సందులోకి రెండు కార్ల దూరం జరుగుతాడు. మోపెడ్ కనిపించాలి, మీదికొస్తున్నట్టు అనిపించకూడదు. ఎంత దూరమైతే కుక్క చూసి కూడా తట్టుకోగలదో అదే ఆయన భాషలో థ్రెషోల్డు. నడుము సంచిలోంచి ఉడికించిన కోడి కార్జం ముక్క తీస్తాడు. బ్రూనో మోపెడ్‌ను చూస్తుంది, నోట్లో ముక్క పడుతుంది. మళ్ళీ చూస్తుంది, మళ్ళీ ముక్క. మోపెడ్ మలుపు తిరిగిపోగానే ముక్కలు బంద్. వరస తప్పకూడదు: ముందు మోపెడ్, తర్వాత కార్జం. ముందే కార్జం చూపించి మాయచేస్తే కొన్నాళ్ళకు కార్జాన్నే అనుమానిస్తుంది. ఇలా నెలల తరబడి చేయగా, ఇప్పుడు మోపెడ్ చప్పుడు వినబడగానే బ్రూనో మొరగడానికి బదులు తల తిప్పి ఆయన నడుము సంచి వంక చూస్తుంది.

ఈ సూత్రం కనిపెట్టిన పావ్‌లోవ్‌కు 1904లో నోబెల్ ఇచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. కుక్కకు చొంగ కారించినాయనగానే లోకానికి గుర్తుండిపోయాడు. మన బ్రూనో వాళ్ళ నాన్న ఈ సంగతంతా పాల కుర్రాడికి కూడా చెప్పాడు. వాడు మోపెడ్ స్టాండ్ వేసి ఓపిగ్గా విని, "మంచిదే సార్. నన్ను జూసినప్పుడల్లా దానికి కార్జం బెడుతున్నరు. మరి దాన్ని జూసినప్పుడల్లా నాకేం బెడ్తరు?" అన్నాడు. సూత్రరీత్యా దానికి జవాబు లేదు. అప్పట్నుంచి సంచిలో రెండో అరలో పల్లీపట్టీలు ఉంటున్నాయి.

సలహాలిచ్చేవాళ్ళకేం, కొదవ లేదు. "కొండాపూర్‌లో 2018లో జీహెచ్ఎంసీ వాళ్ళు కుక్కల పార్కే పెట్టారు కదండీ, అందులో వదిలెయ్యండి, నాలుగు కుక్కల్లో పడితే అదే అలవాటవుతుంది" అంటారు. "ఈత రానివాణ్ణి వరద గోదాట్లో తోసి అలవాటు చేస్తారా?" అని ఆయన ప్రశ్న. ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా ఆయన పక్షమే. భయపడేదాన్ని భయంలో ముంచితే భయం పోదు, నోరు పడిపోతుంది. చూసేవాళ్ళకు అదే బుద్ధిమంతురాలైనట్టు కనబడుతుంది.

ఆ మాటకొస్తే మన భారతంలో ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్కపిల్ల కథ ఉంది. జనమేజయుడి తమ్ముళ్ళు, ఏ తప్పూ చెయ్యని పిల్లను యాగం దగ్గర కొట్టి తరిమేస్తారు. దాని తల్లి సరమ వచ్చి రాజును నిలదీసి, కారణం లేని భయాలు మిమ్మల్ని పట్టుకుంటాయని శపిస్తుంది. ఆ శాపం రాజులకు తగిలి ఊరుకుందో లేదో గానీ, ఎక్కడో దారితప్పి ఆవిడ వంశానికే చుట్టుకున్నట్టుంది. బ్రూనోకి గొడుగు తెరిస్తే భయం, టోపీ పెట్టుకున్నవాళ్ళంటే భయం, లిఫ్టు తలుపు తెరుచుకుంటే లోపల ఎవరుంటారోనని భయం.

తాడుకు పసుపు రిబ్బను కట్టడం ఆయన ప్రయోగాల్లో ఘోరంగా బెడిసికొట్టింది. కుక్కకు కాస్త ఎడం కావాలి, దగ్గరికి రాకండి అని చెప్పే ఆనవాలు అది. 2012 ప్రాంతంలో విదేశాల్లో మొదలై నాలుగు దేశాలు తిరిగింది. మణికొండలో పసుపు గుడ్డ కట్టినదాన్ని చూసి దూరం జరిగేవాళ్ళెవరు? సి బ్లాకు మామ్మగారు ఎదురొచ్చి మరీ, "మొక్కుకున్నారా నాయనా? ఒంట్లో బాగోలేదా పాపం?" అంటూ బ్రూనో నెత్తిన చెయ్యి పెట్టబోయింది. ఆ సాయంత్రమే మరో ఇద్దరు, ఆ మొక్కు ఏ దేవుడికో కనుక్కునే నెపంతో దగ్గరికొచ్చారు. రిబ్బను తీసేశాడు.

ఎండాకాలంలో ఆయన ఇంకో వేషం కడతాడు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల మెత్తల్లో కొంచెం పడుతుంది, మిగతా వేడంతా నోటితో రొప్పి వదిలించుకోవాల్సిందే. అందుకని బయల్దేరేముందు రోడ్డు మీద మోకాళ్ళూని, అరచెయ్యి వెనకవైపు తారుకు ఆనించి, మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటాడు. కొన్ని సెకన్లు కూడా చెయ్యి ఆనలేదంటే ఆరోజు పరుగు లేదు. కొత్తగా దిగిన అద్దెవాళ్ళు ఆయన్ని భూమాత భక్తుడనుకుంటారు. ఈయన్ని చూసి డి బ్లాకు ఆయన కూడా ఉత్సాహపడి తన పగ్‌ను పరుగుకు తీశాడు. హచ్ ప్రకటనలో పిల్లాడి వెంట అంత దూరం నడిచింది కదా అని ధైర్యం. ముక్కు చదునైన కుక్కకు ఊపిరాడ్డమే ఒక ఉద్యోగం. రెండో మలుపు దగ్గరే పగ్ రోడ్డు మీద కూర్చుని, యజమాని చేత ఎత్తించుకుని ఇంటికొచ్చింది. ఆ పూట నిజమైన వ్యాయామం ఆయనకే జరిగింది.

ఇంట్లో బాగా పనిచేసిన విద్య ఆఫీసులో వికటించింది. కుక్కలు గొడవ తప్పించుకోవడానికి ఆవలిస్తాయని, మొహం పక్కకు తిప్పుకుంటాయని, ముక్కు నాకుతాయని నార్వే శిక్షకురాలు టూరిడ్ రుగాస్ రాసింది. ఇది చదివాక ఆయనకు మనుషుల్లోనూ అవే కనబడసాగాయి. ఒక రివ్యూ మీటింగులో పై అధికారి గొంతు పెంచేసరికి, వాతావరణం చల్లబరుద్దామని నిండుగా ఆవలించి, నెమ్మదిగా కిటికీ వైపు చూశాడు. ఫలితం ఆ ఏటి ఇంక్రిమెంటులో కనిపించింది.

దీపావళికి ఆయన సెలవు పెడతాడు. మన చెవి ఇరవై వేల హెర్ట్జ్ దగ్గర చేతులెత్తేస్తే కుక్క చెవి నలభై వేలు దాటి వింటుంది. లక్ష్మీబాంబు మనకు చప్పుడు, దానికి ప్రళయం. లోపలి గదిలో కిటికీలు బిగించి, ఫ్యాను పెద్దది పెట్టి, దుప్పటి పరిచి, బ్రూనోను ఆనుకుని కూర్చుంటాడు. భయపడినప్పుడు దగ్గరికి తీస్తే భయం ముదురుతుందనేది పాత అపోహ అని, దగ్గరుండాల్సిందేనని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతాడు. ఒకసారి అదే గదిలోకి కొడుకు వచ్చాడు. ఇంటర్ రెండో ఏడాది. మర్నాడు కాలేజీలో ఏదో గ్రాండ్ టెస్టు, కడుపులో తిప్పుతోందన్నాడు. "భయమేంట్రా, మగపిల్లాడివి! వెళ్ళి ఇంకో పేపర్ చెయ్యి, అదే పోతుంది" అన్నాడీయన, బ్రూనో వీపు నిమురుతూనే.

ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. "కుక్కకేమో థ్రెషోల్డు దాటించకూడదు. వీడికి ఉండదా అది?"

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. "వాడు మొరగడు కదే, మనకెలా తెలుస్తుంది?"

ఆవిడ జవాబు చెప్పలేదు. కొడుకును కూర్చోబెట్టి పెరుగన్నం కలిపిపెట్టి టీవీ పెట్టింది. కానీ ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరికి ఎంత దూరంలో నోరు మూసుకుపోతోందో లెక్క చూడటం మొదలుపెట్టిందని నా అనుమానం. అందుకు రుజువు అసోసియేషన్ మీటింగులో దొరికింది.

అసోసియేషన్ ప్రెసిడెంటు గారు రిటైర్డు బ్యాంకు అధికారి. కుక్కల్ని లిఫ్టులో ఎక్కనివ్వకూడదన్నది ఆయన జీవితాశయం. బ్రూనో వాళ్ళ నాన్న దగ్గర భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రింటవుట్ ఉంటుంది: పెంపుడు జంతువుల్ని సంఘాలు నిషేధించకూడదు, లిఫ్టు వాడకానికి అడ్డుపడకూడదు. కుక్క చేసిన పాడు ఎత్తమని యజమానుల్ని అడగొచ్చన్న సంగతి కూడా అందులోనే ఉంది, ఆ పేరా దగ్గర మాత్రం ఆయన గొంతు కాస్త తగ్గుతుంది. ఏటా జరిగేది ఇదే. ప్రెసిడెంటు "పెట్స్ విషయం" అనగానే ఈయన కుర్చీలోంచి లేచి మీదికి వెళ్ళడం, ఆయన్ని నలుగురు, ఈయన్ని నలుగురు పట్టుకోవడం, మంచినీళ్ళ ట్యాంకర్ల సంగతి ఎవరూ మాట్లాడకుండానే మీటింగు ముగియడం.

ఈసారి ఆవిడ తమ ఇద్దరికీ కాస్త వెనక వరసలో పక్కపక్కనే కుర్చీలు వేయించింది. ఒళ్ళో మిరపకాయ బజ్జీల ప్లేటు. ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు. ఈయన నమలడం ఆగిపోయింది. నోరు మూసుకుంది. మెడ బిగిసింది. ఆవిడ చేతిలోంచి బజ్జీ ముక్క ఆయన నోటి దగ్గరికి వెళ్ళింది. "లిఫ్టులో కుక్కలు..." అన్నారు ప్రెసిడెంటు. ఇంకో ముక్క. "వెంట్రుకలు..." మరో ముక్క. అజెండా ట్యాంకర్ల మీదికి మళ్ళగానే ఆవిడ ప్లేటు మీద టిష్యూ పేపరు కప్పేసింది. చివర్లో ఆయన లేచి, ప్రింటవుట్‌ను ప్రెసిడెంటు చేతికిచ్చి, "తీరిగ్గా చూడండి సార్" అని కూర్చున్నాడు. కాలనీ చరిత్రలో అది మొదటిసారి.

ఇప్పుడు ప్రెసిడెంటు గారి గొంతు కారిడార్లో వినబడితే చాలు, బ్రూనో వాళ్ళ నాన్న మొహం ఆవిడ వైపు తిరుగుతోంది. ఇదంతా ప్రెసిడెంటు గారి భార్య ముందు వరసలోంచి తల తిప్పి మరీ చూసింది. మొన్న ఆవిడ బి బ్లాకు నాలుగో ఫ్లోరుకు మెట్లెక్కి వచ్చి, ఆ బజ్జీలు ఏ బండి దగ్గరివో కనుక్కుని వెళ్ళింది.