హామ్ రేడియో పక్కన చిన్న కంప్యూటరు కొనే విధానంబెట్టిదనిన

ముందు సంకల్పం చెప్పుకోవాలి. "తుపానొచ్చి, కరెంటు పోయి, సెల్ టవర్లు మూగబోయి, ఊరంతా చీకటైన రోజున నా స్టేషను ఒక్కటే పలుకుతుంది" అని అనుకోండి. మనసులో కాదు, పైకి, ఇంట్లో అందరికీ వినపడేలా. డబ్బు మంజూరయ్యేది ఆ మాటకే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక ఆ ఊరు ఎలా ఉందో గుర్తు చేయండి. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లిన సంగతి చెప్పండి. దేశదేశాల హాములతో మాట్లాడదామని పోర్ట్ బ్లెయిర్‌లో పెట్టిన స్టేషను, 26న సునామీ రాగానే ద్వీపాల కబురు బయటికి చెప్పే గొంతైంది. ఈ కథ విన్నాక ఏ ఇల్లాలూ కాదనదు.

సంకల్పం అయ్యాక దాన్ని శుభ్రంగా మరిచిపోయి, గోడ సాకెట్ లేకపోతే దీపం కూడా వెలగని కంప్యూటరు కొనుక్కురండి. విధానమంతా ఇంతే. వివరాలు కావాలంటే చదవండి.

రేడియోకి కంప్యూటరు దేనికయ్యా అని మోర్స్ కొట్టే పెద్దలు అడుగుతారు. వాళ్లకి ఎఫ్‌టీ8 అనే డిజిటల్ మోడ్ గురించి చెప్పండి. పల్సార్ల మీద పరిశోధనకు 1993లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే అనే మరో హాముతో కలిసి 2017లో దీన్ని విడుదల చేశారు. పదిహేను సెకన్లకొక విడత. ఒక స్టేషను తీసుకునే వెడల్పు 50 హెర్ట్జ్. చెవికి ఒట్టి సొద తప్ప ఏమీ వినపడని చోట, సొద కంటే ఇరవై డెసిబెల్స్ కింద ఉన్న సంకేతాన్ని కూడా కంప్యూటరు పట్టి తెర మీద అక్షరాల్లో రాస్తుంది. అంటే మీరు కొంటున్నది ఎక్కడో బ్రెజిల్‌లో ఒకాయన గుసగుసను వినిపెట్టే చెవి. ఈ ముక్క దుకాణం గడప తొక్కేలోపు మరిచిపోవడం తప్పనిసరి.

ఇక బజారుకు. సికింద్రాబాద్ సీటీసీ అయినా సరే, మీ ఊళ్లో సందు చివర కొట్టయినా సరే. వెళ్లగానే ప్రాసెసరు వంశం అడగండి. ఐ7 కుటుంబమా, ఐ9 కుటుంబమా, ఎన్ని కోర్లు, ఎంత ర్యామ్. పెళ్లిచూపుల్లో అబ్బాయికి ఎన్ని ఎకరాలని అడిగి, తాగుతాడా అని అడగని పెద్దమనిషిలా ఉండాలి మీరు. ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని నోరు జారారా, అవతలాయన మీ వైపు జాలిగా చూస్తాడు.

"కరెంటుదేముంది సార్, అడాప్టరు డబ్బాలనే ఉంటది. మంచిగ నడుస్తది, ఫికర్ చేయకండి."

ఫికర్ చేయకుండా తెచ్చుకున్నవాణ్ణి నేను. ఎఫ్‌టీ8 డీకోడ్ చేసుకోవడానికీ, లాగ్ రాసుకోవడానికీ, రిగ్గు, అంటే రేడియో సెట్టు, ఫ్రీక్వెన్సీ మార్చడానికీ ఆరు వాట్ల రేటింగుతో వచ్చే ఇంటెల్ ఎన్100 ఎక్కువే. నేను మాత్రం సినిమా గ్రాఫిక్స్ చేయదగిన యంత్రం తెచ్చాను. పదిహేను సెకన్లకోసారి దానికి అర సెకను పని. మిగతా పద్నాలుగున్నర సెకన్లు ఫ్యాను తిప్పుకుంటూ కూర్చునేది. కల్యాణ మండపంలో వంట చేసే గాడిపొయ్యి మీద ఒక్క కప్పు టీ కాచుకున్నట్టు.

దాని అడాప్టరు మీద 19 వోల్టులని ఉంది. ఆ అంకెను నేను ఇంటికొచ్చాక కూడా చదవలేదు. ఒక ఆదివారం మిత్రుడితో కలిసి అనంతగిరి కొండల మీద స్టేషను పెడదామని బయల్దేరే ముందు చదివాను. అప్పటికి దారి ఒక్కటే మిగిలింది. బ్యాటరీ 12 వోల్టుల డీసీ. దాన్ని ఇన్వర్టరు 230 వోల్టుల ఏసీ చేస్తుంది. ఆ ఏసీని అడాప్టరు మళ్లీ 19 వోల్టుల డీసీ చేస్తుంది. లోపలికెళ్లాక బోర్డు దాన్ని ఐదుకీ, మూడు చిల్లరకీ, ప్రాసెసరు దగ్గర ఒక వోల్టు చిల్లరకీ దించుతుంది. ముక్కెక్కడుందిరా అంటే చెయ్యి తల చుట్టూ తిప్పి చూపించడమన్నమాట. తిప్పిన ప్రతి చోటా కొంత వేడి, కొంత సొద. ఏ పనీ చేయకుండా కూర్చున్నందుకే ఇన్వర్టరు అర ఆంపియరు తినేసింది. యాంటెన్నా కట్టి, చెట్ల నీడలో కూర్చుని, పట్నం సొద లేని గాలిలో చెవులు రిక్కించి రిగ్గు ఆన్ చేస్తే, వినపడింది మా ఇన్వర్టరే. "గురువుగారూ, మనం ఇంత దూరం వచ్చింది దీన్ని వినడానికా?" అన్నాడు మిత్రుడు. తర్వాత పులిహోర తిని దిగివచ్చేశాం.

ఆ అనుభవంతో బుద్ధి తెచ్చుకుని, అడాప్టరు మీద 12 అని రాసి ఉన్న మినీ కంప్యూటరు కొనేవాళ్లుంటారు. మంచిదే. వాళ్లకి ఇంకో గొయ్యి తవ్వి ఉంది. బ్యాటరీకి పన్నెండనేది ఇంటిపేరు మాత్రమే, అసలు పేరు గంటగంటకూ మారుతుంది. నిండుగా ఉండి విశ్రాంతిగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.7. చార్జి అవుతుంటే 14.4. నాలుగు సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే చార్జరు 14.6 దాకా తోస్తుంది. రిగ్గు కోసం పెట్టుకున్న పవర్ సప్లై 13.8 ఇస్తుంది, రిగ్గు తయారీదారులు చాలామంది కోరేది అదే. రిగ్గుకి పదిహేను శాతం అటూ ఇటూ అయినా పట్టింపు లేదని దాని పుస్తకంలోనే రాస్తారు. కంప్యూటరు డబ్బా మీద మాత్రం ఉత్త 12. లోపల పదహారు వోల్టుల కెపాసిటర్ పెట్టారో, పాతికది పెట్టారో ఎవరూ రాయరు. అయినా 13.8 నేరుగా తగిలించండి. చాలా పెట్టెలు తట్టుకుంటాయి. మీది ఆ చాలావాటిలో ఒకటని నమ్మడమే భక్తి.

పైకి పోవడం ఒక బాధ, కిందికి జారడం ఇంకో బాధ. వంద వాట్ల రిగ్గు ట్రాన్స్‌మిట్‌లో ఇరవై ఆంపియర్లు లాగుతుంది. ఇక్కడ నా సలహా: బ్యాటరీ నుంచి బల్ల దాకా ఇంట్లో పడున్న ఫ్యాను వైరు వాడండి, రిగ్గుకీ కంప్యూటరుకీ ఆ ఒక్క వైరే పంచండి. పోనూ రానూ కలిపి దాని నిరోధం ఓమ్‌లో ఇరవయ్యో వంతున్నా చాలు, ఇరవై ఆంపియర్ల దగ్గర ఒక నిండు వోల్టు వైరులోనే ఆవిరైపోతుంది. ట్రాన్స్‌మిట్ మొదలవగానే కంప్యూటరు రీస్టార్ట్ అవుతుంది. ట్రాన్స్‌మిట్ నొక్కేది కంప్యూటరే కాబట్టి, అది తన పీక తానే నొక్కుకుంటోందని తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. అంతవరకూ సాఫ్ట్‌వేరును తిట్టాను.

ఫ్యూజు మాట ఎత్తనే ఎత్తను. అంటే, వెటకారంగా కూడా ఎత్తను. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ పక్కనే పెట్టండి, ఇంకేమీ అనకుండా.

రాస్ప్‌బెర్రీ పై వీరులు ఇంతవరకూ నవ్వుకుంటూ చదువుతున్నారని తెలుసు. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టే బోర్డు, తక్కువ కరెంటు, చవక. హైదరాబాదులోనే లామకాన్ అనే సాంస్కృతిక వేదిక స్థాపకుల్లో ఒకరైన అష్హర్ ఫర్హాన్ తన ఎస్‌బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్‌లో పై 4ను ఏకంగా రేడియో కడుపులోనే పెట్టేశారు. బిట్‌ఎక్స్ లాంటి చవక సెట్టు గీసి, ప్రపంచంలో ఎందరి చేతనో టంకం పట్టించిన మనిషి కాబట్టి ఎక్కడ ఏ సొద పుడుతుందో, దాన్ని ఎక్కడ ఆపాలో ఆయనకు తెలుసు. మీకూ నాకూ తెలియదు. అయినా మనం కూడా పెడదాం.

పై 5కి కావలసింది 5 వోల్టులు, 5 ఆంపియర్లు. మూడాంపియర్ల సప్లై ఇస్తే పని చేస్తుంది గానీ, యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్ల రేషన్ పెడుతుంది. ఆ రేషన్‌లోనే మీ సౌండ్ కార్డూ, రిగ్గు కేబులూ, కీబోర్డూ బతకాలి. కాబట్టి 12ను 5 చేసే కన్వర్టరు కావాలి. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఎల్‌ఎం2596 మాడ్యూల్ అడగండి. నీలం బోర్డు, ఒక స్క్రూ తిప్పితే వోల్టేజీ మారుతుంది, పెద్ద ఖరీదేమీ కాదు. ఆ చిప్పు సెకనుకు లక్షా యాభై వేల సార్లు ఆన్ ఆఫ్ అవుతూ పని చేస్తుంది. అంటే ప్రతి 150 కిలోహెర్ట్జ్‌కీ ఒక సొద గీత. లెక్క వేసి చూడండి: నలభై ఏడో గీత 7.050 మెగాహెర్ట్జ్, అంటే నలభై మీటర్ల బ్యాండు నడిబొడ్డు. తొంభై నాలుగోది 14.100. ప్రపంచవ్యాప్తంగా పద్దెనిమిది బీకన్లు వంతులవారీగా పలికే ఫ్రీక్వెన్సీ అది, శ్రీలంక బీకన్‌తో సహా. పైగా చిప్పు ఖచ్చితంగా నూట యాభై దగ్గర నిలవదు, వేడెక్కినకొద్దీ జరుగుతుంది. అందువల్ల ఆ గీత ఒక చోట కూర్చోకుండా బ్యాండంతా షికారు చేస్తుంది. మీరు కొత్త దేశం దొరికిందనుకుని దాని వెంటపడవచ్చు. నేను పడ్డాను.

ఈ సొద ఎక్కడిదని అడిగితే ముందు పక్కింటివాళ్ల ఎల్‌ఈడీ బల్బు అనాలి. ఆ తర్వాత అపార్ట్‌మెంట్ లిఫ్టు, ఎదురింటి సోలార్ ఇన్వర్టరు, చివరికి కరెంటువాళ్ల ట్రాన్స్‌ఫార్మరు. మీ బల్ల మీది పెట్టెను మాత్రం అనుమానించకూడదు, అది మన పిల్ల. ఇంట్లోవాళ్ల మాట కూడా వినకూడదు.

"ఏమండీ, అది తీసేసి చూడండి ఒకసారి."

"అది డిజిటల్ అమ్మా, దానికి సొద ఉండదు."

మీకు నచ్చజెప్పడానికి ఎవరైనా ఫెరైట్ కోర్ల గురించి మొదలుపెడితే, బజార్లో దొరికే రకం తెలియని నల్ల ముక్కలు నాలుగు కొని కేబుళ్లకి ఒక్కో చుట్టు వేసి పూజ అయిందనిపించండి. షార్ట్‌వేవ్‌కి పనికొచ్చే 31 నంబరు మిశ్రమం వెతికి, కేబులును దాంట్లోంచి ఏడెనిమిది చుట్లు తిప్పేవాళ్లు చాదస్తులు. ఆ చాదస్తుల స్టేషన్లలో ఎందుకో మరి బ్యాండు నిశ్శబ్దంగా ఉంటుంది.

గడియారం సంగతి కూడా ఉంది. ఎఫ్‌టీ8లో మీ కంప్యూటరు గడియారం తేడా ఒక సెకను లోపలే ఉండాలి. రెండు సెకన్లు తప్పితే మీరు పిలుస్తూనే ఉంటారు, ఎవరూ పలకరు. పై 4లో కరెంటు పోతే టైము గుర్తుంచుకునే గడియారమే లేదు, వెలిగిన ప్రతిసారీ ఇంటర్నెట్‌ని టైమెంతని అడుగుతుంది. పై 5లో గడియారం ఉంది గానీ బ్యాటరీ మనమే కొని తగిలించాలి. వందల రూపాయల్లో వచ్చే యూఎస్‌బీ జీపీఎస్ ముక్క గుచ్చితే ఉపగ్రహం నుంచే టైము వస్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. వద్దు, కొనకండి. తుపాను రోజున ఇంటర్నెట్ ఉంటుందిలే. సంకల్పంలో సెల్ టవర్లు మూగబోతాయని మనమే అన్నాం కదా అని మీకు అనుమానం వస్తే, సంకల్పం మరిచిపోవాలని మొదట్లోనే చెప్పాను.

దుకాణాల్లో అప్పుడప్పుడు ఒక అనాకారి పెట్టె కనిపిస్తుంది. ఫ్యాను ఉండదు. రంగు దీపాలుండవు. ఒళ్లంతా లోహపు రెక్కలు, వెనకాల స్క్రూలతో బిగించే పచ్చ కనెక్టరు, దాని పక్కన 9–36 వోల్టులని చిన్న అక్షరాలు. ఫ్యాక్టరీల్లో యంత్రాల పక్కన దుమ్ములో పడుండటానికి చేసినది. ధర ఎక్కువ, వేగం తక్కువ. అదే వెల పెడితే అందమైనది వస్తుందని కొట్టువాడే చెబుతాడు. వినండి, ఆయన మీ మంచి కోరేవాడు.

నేను రెండోసారి వినలేదు. సెకండ్ హ్యాండ్‌లో అలాంటిదే ఒకటి దొరికింది, ఎన్100ది. బ్యాటరీ తొమ్మిదికి జారినా, చార్జరు 14.6 తోసినా అది పట్టించుకోదు. రిగ్గుకి వేరుగా లావు వైరు, దీనికి వేరుగా సన్నది, రెండూ ఫ్యూజుల మీదుగా బ్యాటరీ దాకా. ఎనిమిది వాట్లు తింటుంది, అంటే ముప్పావు ఆంపియరుకి కాస్త తక్కువ. నలభై ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ మీద కంప్యూటరొక్కటే అయితే రెండు రోజుల పైమాటే. అందులో యూట్యూబ్ కాస్త నత్తనడకన వస్తుంది. అందుకని మా అబ్బాయి దాన్ని ముట్టుకోడు, అదీ లాభమే.

మీరు ఏది కొన్నా సరే, కొనేటప్పుడు జేబులో చిన్న ట్రాన్సిస్టర్ రేడియో వేసుకెళ్లండి. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టి, దుకాణంలో వెలుగుతున్న ఆ కంప్యూటరు పక్కన, దాని అడాప్టరు పక్కన ఆనించండి. "కంప్యూటరు కొనడానికి రేడియో ఏంటి సార్?" అని అడుగుతారు. సమాధానం చెప్పక్కర్లేదు. అది బుర్రుమంటే డబ్బు జేబులోనే ఉంచుకుని బయటికి వచ్చేయండి.