బూటు ముక్కు మీద క్రమశిక్షణ

ప్రార్థన గంట కొట్టాక ప్రైవేటు బడి ఆవరణలో జరిగే తనిఖీకి ఒక వరస ఉంటుంది. ముందు గోళ్లు, తర్వాత జుట్టు, ఆ తర్వాత టై, ఆఖర్న బూట్లు. పీఈటీ సారు చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచుకుని నడుస్తాడు. ఆయన చూపు పిల్లవాడి మొహం మీద కాదు, బూటు ముక్కు మీద. అది మెరిస్తే పిల్లవాడు బుద్ధిమంతుడు, మెరవకపోతే వరసలోంచి బయటికి. పిల్లలు మనకన్నా తెలివైనవాళ్లు. సారు రెండు వరసల అవతల ఉండగానే కుడి బూటును ఎడమ పిక్కకూ, ఎడమ బూటును కుడి పిక్కకూ గబగబా రుద్దేసి దుమ్మును సాక్సులకు బదిలీ చేస్తారు. తెల్లబూట్ల రోజైతే ఆ పుణ్యం సుద్దముక్క కట్టుకుంటుంది. తనిఖీ ముగుస్తుంది, క్రమశిక్షణ నిలబడుతుంది, మురికి మాత్రం ఎక్కడికీ పోదు.

ఈ తంతు దేశమంతటా ఉన్నదే. అయినా దాని వింత పూర్తిగా చూడాలంటే సూళ్లూరుపేటకు రావాలి. ఊరికి తూర్పున పులికాట్ సరస్సు. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గాయంటే ఉప్పుమన్ను గాలికి లేస్తుంది. ఈశాన్య రుతుపవనాలు దిగాయంటే వీధులన్నీ బురద, గాలి నిండా చెమ్మ, అటక మీది తోలుసంచికి బూజు. చెమ్మా ఉప్పూ తోలుకు పుట్టు శత్రువులు. మూసిన బూటులో ఉడికే పిల్లవాడి కాలికీ అంతే. చలిదేశాలవాళ్లు కాళ్లు గడ్డకట్టకుండా వేసుకునే తొడుగును జూన్ ఉక్కలోనూ నవంబరు వానలోనూ పిల్లలకు తొడిగించి, పైగా అది అద్దంలా మెరవాలంటున్నాం. నేలపట్టుకూ పులికాట్‌కూ వచ్చే పక్షులకు పండుగ చేసే ఊరిది. రోజంతా ఆ బురదలోనే నిలబడే ఫ్లెమింగోల కాళ్లను ఏ సారూ తనిఖీ చెయ్యడు కాబట్టి అవి హాయిగా బతుకుతున్నాయి.

బూటు మెరుపే క్రమశిక్షణకు కొలత అయితే ఈ చుట్టుపక్కల క్రమశిక్షణను దివిటీ పెట్టి వెతకాలి. సరస్సు అవతల శ్రీహరికోటలో 1979 నుంచి ఉపగ్రహ వాహక నౌకలు లేస్తున్నాయి. ఉపగ్రహాన్ని సిద్ధం చేసే శుభ్రమైన గదిలోకి వెళ్లేవాడి బూటు ఎంత మెరిసిందని ఎవరూ అడగరు. దాని దుమ్ము లోపలికి రాకుండా చూసుకుంటారు. అక్కడ కొలత మెరుపు కాదు, శుభ్రం. తడ మండలం మాంబట్టులో అపాచీ కర్మాగారం అడిడాస్ కోసం స్పోర్ట్స్ బూట్లు తయారు చేసి దేశదేశాలకు పంపుతోంది. అందులో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. పగలంతా పాలిష్ అక్కర్లేని బూట్లు కుట్టిన తల్లి, ఇంటికొచ్చి వంట ముగించి, కొడుకు నల్లబూట్ల ముందు బ్రష్షు పట్టుకుని కూర్చోవాలన్నమాట. ఇక చెంగాళమ్మ గుడికి వెళితే ఎంత మెరిసే బూటైనా బయటే. అమ్మవారు ఇంతవరకూ ఎవరి బూటూ చూసి వరమిచ్చిన దాఖలా లేదు.

పాలిష్ తోలుకు ఆహారమనీ, రాస్తే తోలు ఊపిరి పీల్చుకుంటుందనీ ఒక మాట ప్రచారంలో ఉంది. తోలు ఊపిరి పశువుతోనే పోయింది. ఇప్పుడు దానికి ఆకలీ లేదు, ఆయాసమూ లేదు. ఉన్నదల్లా పీచు అల్లిక. ఆ పీచు పోగులు ఒకదానిమీద ఒకటి జారడానికి తోలు శుద్ధి చేసేటప్పుడే నూనె పట్టిస్తారు. ఎండకూ వానకూ ఆ నూనె తరిగిపోతే తోలు బిరుసెక్కి, కాలివేళ్లు వంగే చోట పగులుతుంది. గాజుసీసాలో వచ్చే క్రీమ్ పాలిష్ చేసేది ఈ లోటును కొంత పూడ్చడమే. అందులో మైనం, నూనె, నీరు, రంగు కలిసి ఉంటాయి. కాస్త లోపలికి దిగుతుంది, రంగు వెలిసిన చోట కప్పుతుంది, ఓ మోస్తరు నిగారింపు ఇస్తుంది. రేకుడబ్బాలో గట్టిగా ఉండే పాలిష్ వేరు. అందులో ఎక్కువ భాగం మైనమూ, దాన్ని కరిగించే ద్రావకమూ. అది పైపైన పొరలా పరుచుకుని గుంటలు పూడ్చి వెలుగును తిప్పికొడుతుంది. ఇక మూతికి స్పాంజి ఉన్న సీసా మందు మూడో రకం. నిమిషంలో మెరుపు, మధ్యాహ్నానికి బీటలు. ఈ మూడింటిలో తనిఖీలో ముందు నెగ్గేది ఆఖరుది, వెనకబడేది క్రీమ్. ఎందుకంటే క్రీమ్ పని ఎక్కువగా లోపల జరుగుతుంది, సారు చూసేది పైన. బియ్యానికి మనం ఇదే న్యాయం చేశాం. తవుడు పోయేదాకా పాలిష్ పట్టి, తెల్లగా ఉంది కాబట్టి మేలురకం అన్నాం.

అసలు పిల్లవాడి కాలికున్నది తోలే అయితే ఇంత వాదనా వినొచ్చు. బజారులో బడిబూట్ల పేరుతో దొరికే చవక జతల్లో ఎక్కువ భాగం తోలు కాదు, నల్లరంగు ప్లాస్టిక్. దాని మీద క్రీమ్ రాయడం బకెట్టుకు ఆముదం పట్టించడమే. లోపలికి దిగదు, పైన జిడ్డుగా నిలబడి పులికాట్ దుమ్మును ఆప్యాయంగా పట్టుకుంటుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలిన వస్తువుకు రోజూ నైవేద్యం పెడుతున్నాం. పైగా ఇలాంటి బూటు చచ్చేది ముక్కు దగ్గర కాదు, అడుగున. కొన్ని రకాల తేలికపాటి పాలియురెథేన్ అడుగులు చెమ్మకు లోలోపలే చివికిపోతాయి. వేసవి సెలవుల్లో మూలన పెట్టిన జతను తీసి నడిస్తే అడుగు రొట్టెముక్కలా పొడిపొడిగా రాలుతుంది. అప్పుడూ పైభాగం మెరుస్తూనే ఉంటుంది. తనిఖీ లెక్కన ఆ బూటు ఉత్తీర్ణమే. ప్రభుత్వ బడి పిల్లలకిచ్చే కిట్టు పేరు 2020లో జగనన్న విద్యా కానుక, ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర. పేరు మారినా అందులో బూట్లు ఉన్నాయి, సాక్సులు ఉన్నాయి. పాలిష్ డబ్బా మాత్రం ఆ ప్రభుత్వమూ పెట్టలేదు, ఈ ప్రభుత్వమూ పెట్టలేదు. రెండు ప్రభుత్వాలూ ఏకాభిప్రాయానికి వచ్చిన అరుదైన విషయమిది. ప్రైవేటు యాజమాన్యాలు దీన్ని గమనించాలి.

బూటు కోసం కాదు, పిల్లవాడి కోసమే ఈ నియమం, తన వస్తువు తాను చూసుకోవడం అలవడుతుంది అంటారు. మంచి మాటే. మరి పాలిష్ కొడుతున్నదెవరు? చాలా ఇళ్లల్లో పొద్దున ఆరింటికి వాకిట్లో కూర్చునేది పిల్లవాడు కాదు, వాళ్లమ్మ. ఆమెకు కొత్తగా క్రమశిక్షణ నేర్పాల్సిన అవసరం ఎవరికీ ఉన్నట్టు లేదు. పిల్లవాడికి నిజంగా అలవడుతున్నది పిక్కకు రుద్దే విద్య, అంటే చూసేవాడు వచ్చేలోపు చూసే చోటు మాత్రం తుడుచుకోవడం. పెద్దయ్యాక మంత్రిగారు వచ్చే రోడ్డుకు మాత్రమే తారు పోసే ఉద్యోగంలో అది బాగా అక్కరకొస్తుంది. సైన్యాన్ని చూడండి, వాళ్లు బూట్లు మెరిపించడం లేదా అని మరొకరు అడుగుతారు. నిజమే. ఈ మోజు పాకింది ఎక్కువగా సైన్యం వెంటే. 1906లో మెల్‌బోర్న్‌లో విలియం రామ్సే తయారుచేసిన పాలిష్‌కు, భార్య న్యూజిలాండ్ ఆడపడుచు కాబట్టి, కివీ అని పేరు పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిల సంచుల్లోకెక్కి ఆ డబ్బా లోకం చుట్టింది. కానీ సిపాయికిచ్చేది గట్టి తోలుబూటు. మనవాడిది ప్లాస్టిక్ బూటు, వీపున పుస్తకాల మూట, కవాతు ఆటో దాకా.

పాలిష్ పోతే బస్టాండు దగ్గర చెట్టుకింద కూర్చున్న చెప్పులు కుట్టే ఆయన పొట్ట కొట్టినట్టే కదా అనేది, విన్న అభ్యంతరాల్లోకెల్లా గౌరవించదగ్గది. అయితే ఆయన పాలిష్ బేరాన్ని దెబ్బతీసింది స్పాంజి సీసా. ఆయన అసలు విద్య కుట్టులో ఉంది, అడుగు మార్చడంలో ఉంది. దాన్ని దెబ్బతీసింది కుట్టడానికి వీల్లేకుండా అతికించిన బూటు. ఏ తనిఖీలోనైనా తెగిన కుట్టు చూసి, పోయి కుట్టించుకు రా అన్న బడి ఉందా? ఇంకో సంగతీ ఉంది. తోలు శుద్ధి చేసినవాణ్ణి ఊరి బయట ఉంచిందీ, అతను ఊళ్లోకొస్తే తాను కుట్టిన చెప్పుల్నే చేత పట్టుకుని నడవమన్నదీ మన సమాజమే. మోతుబరి మాత్రం ఆముదం పట్టించిన కిర్రుచెప్పులు తొడుక్కుని వీధంతా వినపడేలా నడిచాడు. అప్పుడు హోదా చెవికి తెలియాలి, ఇప్పుడు కంటికి తెలియాలి. తోలు పని మైల, తోలు మెరుపు మర్యాద! ఈ లెక్క చెట్టుకింద మనిషి మేలు కోసం కట్టింది కాదు.

నిజమైన తోలుబూటు ఉన్నవాళ్లు దాన్ని చూసుకోవద్దని ఎవరూ అనడం లేదు. చూసుకునే తీరాలి. ఆ తోలు వెనక పెద్ద ఖర్చుంది. ఒకప్పుడు మన వైపు తంగేడు చెక్కతో తోలు పదును చేసేవారు. ఇప్పుడు చాలామటుకు క్రోమియం లవణాలే. మన కుప్పం మీదుగా తమిళనాడుకు పోయే పాలారు అక్కడి తోలు కర్మాగారాల వల్ల ఏమైందో 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. అంత మూల్యం చెల్లించి వచ్చిన వస్తువును పదేళ్లు నిలబెట్టుకోవడం ధర్మం. దానికి రోజూ మెరుపు అక్కర్లేదు. తడిస్తే పాత పేపరు ఉండచుట్టి లోపల కుక్కి నీడన ఆరబెట్టాలి, ఎండలోనో పొయ్యి పక్కనో కాదు. దుమ్ము దులిపి, లేసులు తీసి, శనగగింజంత క్రీమ్ మెత్తటి గుడ్డకు అద్దుకుని వేళ్లు వంగే చోటా కుట్ల వెంబడీ పల్చగా పట్టించాలి. పది నిమిషాలు ఆగి బ్రష్షుతో రుద్దాలి. నెలకోసారో రెండుసార్లో చాలు. ఒకరోజు వేసుకుంటే మర్నాడు దానికి సెలవివ్వాలి, లోపలి చెమట ఆరడానికి. ఇంతా చేస్తే ఆ బూటు అద్దంలా మెరవదు, ఆరోగ్యంగా కనిపిస్తుంది. సందేహమున్నవాళ్లు అడయారులో 1948 నుంచి ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థను అడగొచ్చు. మద్రాసు లోకల్ రైలు మన స్టేషన్ నుంచే బయల్దేరుతుంది.

కాబట్టి యాజమాన్యాలకు ఒక మనవి. తనిఖీ మానుకోలేకపోతే కనీసం దిశ మార్చండి. పిల్లల్ని వెనక్కి తిప్పి అడుగులు అరిగాయా చూడండి, బూటు బిగుతై వేలు ఒరిసిందా అడగండి, తడిసిన సాక్సులు విప్పించి ఆరేయించండి. వానాకాలం మూడు నెలలూ వెనక పట్టీ ఉన్న శాండల్స్‌కు ఒప్పుకోండి. దీనికి జీవోలూ కమిటీలూ ఏమీ అక్కర్లేదు. బడి డైరీ రెండో పేజీలో "పాలిష్ చేసిన నల్లబూట్లు" అన్న చోట మొదటి రెండు మాటలు కొట్టేస్తే సరిపోతుంది.