చేతిలో లైనక్స్, ప్లగ్గులో ప్రాణం

మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉండేదట. చేతిలో ఇమిడే లైనక్స్ కంప్యూటరు ప్రాణం అంత దూరం పోదు. మంచం పక్కనున్న ప్లగ్గులోనే ఉంటుంది. అక్కణ్ణుంచి నాలుగడుగులు వేశామా, గిలగిల్లాడిపోతుంది. అలాంటి యంత్రాన్ని మూడేళ్లుగా సాకుతున్నాను. ఏ కంపెనీదో చెప్పను. పోయే పరువు దానిది కాదు, నాది. ఈ మూడేళ్ల అనుభవాన్నీ గుదిగుచ్చి, బ్యాటరీ నిలవనివారికీ ఫర్మ్‌వేర్ మొరాయించినవారికీ పనికొస్తుందని ఈ కరదీపిక రాస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు చేస్తే ఫలితం ఖాయం. ఏ ఫలితమన్నది మీ జాతకాన్ని బట్టి ఉంటుంది.

కావలసినవి

యంత్రం ఒకటి. టైప్-సి కేబుళ్లు ఆరు, వాటిలో పనిచేసేది ఒకటి. మెమరీ కార్డులు రెండు. చిన్న స్క్రూడ్రైవరు, మంచం కిందికి దొర్లిపోవడానికి నాలుగు మరలు. ఈ యంత్రం ఎందుకు పనిచేయడం లేదో వెతుక్కోవడానికి, పనిచేసే మామూలు ఫోను ఒకటి. ఒక ఆదివారం సరిపోతుందనుకుంటే, దసరా సెలవులన్నీ పక్కన పెట్టుకోండి.

మొదటి మెట్టు: పెద్ద జబ్బునే అనుమానించండి

యంత్రం వెలగకపోతే నేరుగా మదర్‌బోర్డు మీద పడండి. చిన్న కారణాల జోలికి పోతే చిన్నతనం. పైన్‌ఫోన్ అనే లైనక్స్ ఫోను కొత్తగా ఇంటికొచ్చినప్పుడు, దారిలో ఛార్జింగ్ దిగిపోకుండా, బ్యాటరీకీ ఫోను ముళ్లకీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. వెనక మూత తీసి ఆ ముక్క లాగేస్తే ఫోను లేచి కూర్చుంటుంది. కానీ అంత తేలిగ్గా తేలిపోతే ఇక మన విద్వత్తు ఎవరికి చూపించాలి?

మన ఇళ్లలో సాకెట్టు పక్కన స్విచ్చు కూడా ఒకటి ఉంటుంది. అది వేశామా లేదా అన్నది నాలుగో రోజున చూసుకోవచ్చు.

రెండో మెట్టు: మూలనున్న అంకెను వేదవాక్కుగా తీసుకోండి

తెర మూలన కనిపించే శాతం నిజానికి గుమాస్తా లెక్క. బ్యాటరీ మీద నిఘా వేసే చిప్పు ఒకటి, లోపలికి ఎంత కరెంటు వచ్చింది, బయటికి ఎంత పోయింది అని పద్దు రాస్తుంటుంది. లిథియం సెల్లు నిండుగా ఉంటే 4.2 వోల్టులు చూపిస్తుంది. తర్వాత చాలాసేపు 3.7 చుట్టుపక్కలే తచ్చాడి, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. సెల్లు ముసలిదైనా గుమాస్తా మాత్రం పాత ఆస్తినే పద్దులో చూపిస్తాడు. అందుకే 30 శాతం అని ఉండగానే యంత్రం కళ్లు మూస్తుంది.

దీనికి విరుగుడుగా రోజూ సున్నా దాకా దించి, వంద దాకా ఎక్కించండి. నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలంలో పెద్దలు చెప్పిన మాట ఇది. లిథియానికి ఇది గిట్టదు. దానికి మధ్యస్థంగా, సగం కడుపుతో, చల్లటి చోట ఉండడం ఇష్టం. అలాంటి గారాలు అలవాటు చేయకూడదు. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద పెడితే దారికొస్తుంది.

ఇప్పుడొక లెక్క. 2022లో వచ్చిన స్టీమ్ డెక్, ఆటలాడుకునే లైనక్స్ యంత్రం, 40 వాట్-గంటల బ్యాటరీతో వచ్చింది. 2023 చివర్లో వచ్చిన ఓలెడ్ రకంలో దాన్ని 50 చేశారు. నా దాంట్లో ఉన్నది సుమారు 10. అంటే యంత్రం ఒక వాట్ తింటే పది గంటలు వస్తుంది. అయిదు వాట్లు తింటే రెండు గంటలు. పడుకుని 0.1 వాట్ తింటే వంద గంటలు, నాలుగు రోజుల పైచిలుకు. బ్యాటరీ బాధలన్నీ ఈ మూడు వాక్యాల్లో ఉన్నాయి. వీటిని చదివి వెంటనే మరిచిపోండి, లేకపోతే మిగతా మెట్లు ఎక్కలేరు.

మూడో మెట్టు: నిద్రపుచ్చండి, అయిదు నిమిషాలకోసారి లేపి అడగండి

లైనక్స్ యంత్రాల్లో తెర ఆరిపోవడం వేరు, నిద్రపోవడం వేరు. సిస్ డైరెక్టరీలో పవర్ కింద మెమ్-స్లీప్ అనే ఫైలు తెరిస్తే, చాలా యంత్రాల్లో రెండు పేర్లు కనిపిస్తాయి: ఎస్2ఐడిల్, డీప్. మొదటిది కోడికునుకు. పనులన్నీ ఆపి కళ్లు మూసుకుంటుంది గానీ, ఆకు కదిలినా లేస్తుంది. రెండోది కుంభకర్ణుడి నిద్ర. జ్ఞాపకాన్ని మాత్రం బతికించుకుని మిగతావాటికి కరెంటు ఆపేస్తుంది. కొన్ని యంత్రాల్లో రెండోది అసలు ఉండదు. ఉన్నా కొన్ని లేవవు.

ఇవి రెండూ కాక మూడో రకం ఉంది. ఏ ఫైల్లోనూ రాయరు. దాని పేరు దొంగనిద్ర. తెర నల్లగా ఉంటుంది, సంచిలో పెడతాం, బస్సెక్కుతాం, దిగేసరికి సంచి వేడి వేడి ఇడ్లీ గిన్నెలా ఉంటుంది. లోపల ఏదో ఒక డ్రైవరు, నేను పడుకోనని మారాం చేసిందన్నమాట.

ఫోనులాంటి యంత్రాల్లో చిక్కు ఇంకాస్త ఎక్కువ. ఇల్లంతా పడుకున్నా, కాల్ వస్తే లేపడానికి మోడెం మేలుకుని ఉండాలి. పైన్‌ఫోన్‌లోని మోడెం మామూలు ముక్క కాదు, దానికి సొంత ప్రాసెసరు ఉంది, అందులో మరో లైనక్స్ నడుస్తుంది. అద్దెకిచ్చిన గదిలో ఇంకో కాపురం ఉన్నట్టు. ప్రధాన ప్రాసెసరు పడుకున్నప్పుడు కాపలాకి, అదే చిప్పులో ఓ మూలనున్న బుల్లి ప్రాసెసరు మీద క్రస్ట్ అనే చిన్న ఫర్మ్‌వేర్ నడుస్తుంది. యజమాని గురక పెడుతుంటే వాచ్‌మన్ బీడీ వెలిగించుకుని కూర్చున్నట్టు. ఇంత ఏర్పాటూ ఎందుకు? కాసేపు నిద్రపోనివ్వడానికి.

కాబట్టి నిద్ర సరిగ్గా పట్టిందో లేదో తెలుసుకోవడానికి అయిదు నిమిషాలకోసారి పవర్ బటన్ నొక్కి చూడండి. జ్వరం పిల్లాణ్ణి లేపి, నిద్ర పట్టిందా నాన్నా అని అడగడం మన ఇళ్లలో ఉన్న ఆచారమే.

నాలుగో మెట్టు: దొంగని పట్టడానికి వీధిలో లైట్లన్నీ వేయండి

పవర్‌టాప్ అనే ప్రోగ్రాము ఉంది. ఇంటెల్ వాళ్లు 2007లో బయటపెట్టారు. ఎవరు సెకనుకి ఎన్నిసార్లు ప్రాసెసర్ని తట్టి లేపుతున్నారో పట్టికగా చూపిస్తుంది. మంచి పనిముట్టు. దాన్ని పెద్ద అక్షరాలతో, తెర వెలుగు వందకి పెట్టి, వైఫై మీద వేరే కంప్యూటరు నుంచి కూడా చూస్తూ, రెండు గంటలు నడపండి. ఛార్జింగ్ అంతా ఎవరు తాగుతున్నారో రెండు గంటల్లో తేలిపోతుంది. మీరే.

అందులోనే అన్నింటినీ ఒకేసారి పొదుపులో పెట్టే ఆప్షన్ ఉంటుంది. అది వాడాక యూఎస్‌బీ కీబోర్డు కూడా మధ్యమధ్యలో కునుకు తీస్తుంది, మొదటి అక్షరం మింగేస్తుంది. పాస్‌వర్డు తప్పని యంత్రం మూడుసార్లు చెప్పాక, మీ జ్ఞాపకశక్తి మీద మీకే అనుమానమొస్తుంది. తెర వెలుగు సగానికి తగ్గిస్తే అంతకన్నా ఎక్కువ మిగిలేది. కానీ దానికి కమాండు అక్కర్లేదు, కాబట్టి అది పద్ధతి కాదు.

అయిదో మెట్టు: ఫర్మ్‌వేర్ మార్చండి, కరెంటు పోయేలోపు

వైఫై చిప్పులాంటివి ఒంటరిగా ఏమీ చేయలేవు. మొదలవగానే కెర్నెల్ వాటికి ఓ ఫైలు తినిపించాలి. ఆ ఫైలు లిబ్ డైరెక్టరీలో ఫర్మ్‌వేర్ కింద లేకపోతే, లోడు కాలేదు, ఎర్రర్ మైనస్ 2 అని లాగ్‌లో పడుతుంది. మైనస్ మార్కులొచ్చాయని బెంగపడొద్దు. ఆ పేరుతో ఫైలు లేదని దాని భాషలో చెప్పడమంతే. మీ డిస్ట్రోలోని ఫర్మ్‌వేర్ ప్యాకేజీ పెట్టుకుంటే సరిపోతుంది. దాన్ని దించుకోవడానికి వైఫై కావాలి. వైఫై రావాలంటే అది కావాలి.

ఇక్కడే మన పెద్దల మాట అక్కరకొస్తుంది: పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. బ్యాటరీ నిలవకపోవడానికి మందు కొత్త ఫర్మ్‌వేర్. దాన్ని ఎక్కించే ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే ప్రోగ్రాము, బ్యాటరీ తక్కువగా ఉంటే చెయ్యనంటుంది. తప్పేమీ లేదు. రాతకోతల మధ్యలో కరెంటు పోతే మిగిలేది ఇటుక. ఒక్క ఇటుకతో ఎవరూ ఇల్లు కట్టుకోలేరు. సరే, పూర్తిగా దిగిన యంత్రానికి ప్లగ్గు పెట్టామనుకోండి. పాత యూఎస్‌బీ ఒప్పందం ప్రకారం మొదట 100 మిల్లీఆంపియర్లే వస్తాయి. ఎక్కువ కావాలంటే అడగాలి. కొన్ని యంత్రాల్లో అడిగే పని సాఫ్ట్‌వేర్‌ది. సాఫ్ట్‌వేర్ లేవాలంటే ఛార్జింగ్ కావాలి. యంత్రం లేస్తుంది, వచ్చినదానికన్నా ఎక్కువ తాగి పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. దీన్ని బూట్ లూప్ అంటారు. మా ఇంట్లో సంక్రాంతికి పేకాట అంటారు.

ఈ విషయంలో పైన్‌ఫోన్ వాళ్లు అదృష్టవంతులు. దాని బ్యాటరీ ఊడొస్తుంది, పైగా శాంసంగ్ గెలాక్సీ జె7 బ్యాటరీ కొలతే. బావమరిది బీరువాలో పాత జె7 ఉంటే, అందులో పెట్టి ఛార్జ్ చేసుకోవచ్చు. అదీగాక ఆ ఫోను లేవగానే ముందు మెమరీ కార్డు వైపు చూస్తుంది. లోపలి సరుకంతా పాడైనా కార్డుతో బతికించుకోవచ్చు. మీ యంత్రానికి ఈ సౌకర్యాలు లేకపోతే, ఉన్నాయనుకుని ముందుకెళ్లండి.

ఆరో మెట్టు: అన్నీ ఒకేసారి మార్చండి

కెర్నెల్, డెస్క్‌టాప్, గవర్నర్, కేబుల్, చివరికి డిస్ట్రో, అన్నీ ఒకే రాత్రి మార్చండి. తెల్లారి బ్యాటరీ బాగుందనుకోండి. దేనివల్ల? పిల్లాడికి జ్వరం తగ్గితే దిష్టి తీసిన అత్తయ్య, కషాయం పట్టిన పిన్ని, సూది పొడిచిన ఆర్‌ఎంపీ డాక్టరు ముగ్గురూ తమవల్లే అంటారు. మీ ఇంట్లో కూడా ఆ సందడి ఉండాలి. ఒకసారికి ఒక్కటే మార్చి, పడుకునేముందు శాతం కాగితం మీద రాసుకుని, పొద్దున మళ్లీ చూసేవాళ్లూ ఉంటారు. వాళ్లకి రెండు రోజుల్లో పని అయిపోతుంది. తర్వాత ఏం తోచక చస్తారు.

చివరి మెట్టు

మొన్న పెళ్లికి కాకినాడ వెళ్లాల్సొచ్చింది. గురువారం రాత్రి తొమ్మిదింటికి అమ్మ నా చేతిలోంచి యంత్రం లాక్కుని, బీరువాలో పెట్టి తాళం వేసింది. ‘పెళ్లికొచ్చి మనుషుల మొహాలు చూడరా, దాని మొహం తర్వాత చూద్దువు గాని’ అంది. ఆమె డబ్బా ఫోను వారానికోసారి ఛార్జింగ్ పెడుతుంది. ఆ గర్వం ఆమె మాటలో వినిపిస్తూనే ఉంటుంది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బీరువా తీశాను. 90 ఉన్నది 60 అయింది. అరవై గంటలు, ముప్పై శాతం, మూడు వాట్-గంటలు. అంటే సగటున 0.05 వాట్. నిండా ఎక్కిస్తే ఎనిమిది రోజులు పడుకోగలదన్నమాట, అమ్మ ఫోనుకి ఒక రోజు ఎక్కువే.

శతాబ్దం మారే రోజుల్లో బెంగళూరులో సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్ని లైనక్స్ మీదే తయారుచేశారు. కొనలేనివాళ్లు కూడా స్మార్ట్ కార్డు పెట్టుకుని, ఊరంతటికీ ఒకటే యంత్రాన్ని వంతులవారీగా వాడుకోవాలని వాళ్ల ఆశ. ఊరంతా కలిసి పెట్టాల్సినంత తిప్పలు నా యంత్రాన్ని నేనొక్కణ్ణే పెడుతున్నానని, బీరువా ముందు నిలబడి ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాను గానీ, ఛార్జింగ్ ఎందుకు దిగలేదో తేల్చకుండా ఎలా ఊరుకుంటాం? పవర్‌టాప్ తెరిచాను. మధ్యాహ్నం భోజనాల వేళకి 11 శాతం.

అందుకని పైన కావలసినవి అన్నచోట మరో వస్తువు చేర్చుకోండి: బీరువా ఒకటి. తాళంచెవి అమ్మ కొంగున ఉండాలి.