జోన్ల బావ

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా అని వరసగా ఊళ్లున్నాయి. నిన్నమొన్నటిదాకా పొలాలు, ఇప్పుడు సందుకి పది తెలుగిళ్లు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు మామూలుగా అడిగేవి మూడే: చదరపుటడుగులెన్ని, స్కూలు రేటింగెంత, తూర్పు ఫేసింగేనా. నాలుగో ప్రశ్న అడిగేవాడు ఒకడుంటాడు. అతను తిన్నగా లోపలికి రాడు. ఇంటి పక్కసందులోకి వెళ్లి, గోడకున్న కొళాయికి జేబులోంచి తీసిన గేజీ బిగించి, "మీది 62 పీఎస్ఐ, పర్లేదు. కానీ ఇది స్టాటిక్కే. నీళ్లు పారేటప్పుడు ఎంతకి పడిపోతుందో చూశారా?" అంటాడు. ఆ గృహస్థు పట్టుపంచెలో ఉంటాడు, లోపల పంతులుగారు సంకల్పం దగ్గర గోత్రం కోసం ఎదురుచూస్తుంటారు.

అలాంటివాళ్లు వీధికొకరున్నారు. మా బంధువర్గానికి దక్కినవాడు మా మేనమామ కొడుకు. పేరుందిగానీ ఎవరూ వాడరు, జోన్ల బావ అంటేనే తెలుస్తుంది.

అతను ఇల్లు కొన్నప్పుడే లాన్‌కి బిల్డరు పెట్టిన స్ప్రింక్లర్లున్నాయి. నీళ్లు వచ్చేవి, గడ్డి పెరిగేది. మరి లోపమేమిటంటే, అది బావ డిజైన్ చేసింది కాదు. పగలంతా కంపెనీలో ఇతరుల సిస్టమ్‌లలో తప్పులు వెతికే ఉద్యోగం, సాయంత్రం ఇంటికొచ్చి ఖాళీగా ఎలా ఉంటాడు? నాలుగు రోజుల్లో నేరం బయటపడింది. ఒకే జోన్‌లో స్ప్రే హెడ్లూ రోటర్లూ కలిపి పెట్టారు! స్ప్రే హెడ్డు గంటకి దాదాపు అంగుళంన్నర నీళ్లు కురిపిస్తుంది, తిరుగుతూ కొట్టే రోటరు అరంగుళం. రెండిటికీ ఒకే వాల్వు పెడితే ఒకచోట బురద, ఇంకోచోట ఎండు. ఈ సంగతి చెబుతున్నప్పుడు బావ గొంతులో పలికిన బాధ, పెళ్లిలో కులాసాగా తిరుగుతున్న మనకి అప్పుల సంగతి చెప్పే పెళ్లికూతురి తండ్రిది.

నిజం చెప్పాలంటే అతను అన్నదాంట్లో తప్పులేదు. ఇతనితో వచ్చిన చిక్కే అది, ఎప్పుడూ కరెక్టుగానే ఉంటాడు. ముందు కొలత, తర్వాత గీత, ఆఖర్న తవ్వకం అంటాడు. 5 గ్యాలన్ల బకెట్టు కొళాయి కింద పెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాడు. 25 సెకన్లకి నిండింది. అంటే నిమిషానికి 12 గ్యాలన్లు. అందులో నాలుగోవంతు పక్కకి పెట్టాలట, ఇంట్లో ఎవరైనా స్నానం చేస్తుంటే షవరు ఆగిపోకుండా. మిగిలింది 9. ఒక్కో రోటరు 3 గ్యాలన్లు తాగితే జోన్‌కి మూడే. అలా లెక్కేసుకుంటూపోతే మూడు జోన్లున్న ఇంటికి ఎనిమిదయ్యాయి. గ్రాఫు కాగితం మీద ఇల్లు, చెట్లు, నడకదారి గీసి, కంపాసుతో వృత్తాలు వేశాడు. ఒక హెడ్డు కొట్టే నీళ్లు పక్క హెడ్డు పాదాల దాకా వెళ్లాలి, అదీ సూత్రం. డైనింగ్ టేబుల్ మీద ఆ కాగితం పరిచాక అక్కా పిల్లలూ ఆ వేసవంతా కంచాలు ఒళ్లో పెట్టుకునే తిన్నారు.

మా మేనమామ అప్పుడే విజిటర్ వీసా మీద దిగాడు. నరసరావుపేట పక్క పల్లెటూరు. నల్లరేగడిలో పత్తి, మిరప వేసి, సాగర్ కుడికాలవ నీళ్ల కోసం రాత్రిళ్లు లాంతరు పట్టుకుని తూము దగ్గర కాపలా పడుకున్న మనిషి. పొద్దున్నే లాన్‌లోకి దిగి, వంగి, ఒక పరక పీకి చూశాడు.

"ఒరే అబ్బాయ్, ఇది గరిక గదరా!"

"బెర్ముడా, నాన్నా."

"నీ బెర్ముడా ఎవడిక్కావాల? జీవితమంతా దీన్ని పీకలేక చచ్చాను. నువ్వు డబ్బులిచ్చి నీళ్లు పెడతన్నావా?"

వృక్షశాస్త్రం మావయ్య పక్షమే. రెండూ ఒకటే మొక్క. ఎండిపోతే కాలనీ సంఘం నుంచి ఉత్తరం వస్తుందని, జరిమానా కూడా పడొచ్చని బావ వివరించాడు. గరిక ఎండితే జరిమానా వేసే ప్రభుత్వం ఎక్కడైనా ఉందా అని మావయ్య నన్నే అడిగాడు. (వినాయక చవితికి మాత్రం అందరిళ్లకీ ఆ లాన్‌లోంచే గరిక వెళ్లింది. జోన్ 2లోది మరీ లేతగా ఉందని మెచ్చుకున్నారు కూడా.)

ఇంకో షాక్ మూడోరోజు తగిలింది. ఇంటి గోడకి ఒకటిన్నర అడుగుల ఎడంగా చుట్టూ చెమ్మ కారే గొట్టం వేశాడు బావ, పునాదికి నీళ్లు పెట్టడానికి. అక్కడి నేల కూడా మన రేగడి జాతిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, ఇంటిని ఒకవైపు లాగుతుంది. అందుకని టెక్సస్‌లో ఆ భాగంవాళ్లు ఎండాకాలం ఇంటి చుట్టూ నేల తడుపుతారు. మావయ్య సాంతం విని, "అయితే ఇల్లు ఏపుగా పెరుగుద్దంటావా?" అన్నాడు. కానీ మర్నాడు గోడవార వేలు గుచ్చి చూసి, "ఇక్కడ ఆరింది, ఓ అరగంట వదులు" అని తనే చెప్పాడు. రేగడి సంగతి ఆయనకి ఎవరు నేర్పాలి?

తవ్వడానికి ముందు 811కి ఫోన్ చేయాలి. మనుషులొచ్చి భూమిలో ఏమున్నాయో జెండాలు పాతి పోతారు: కరెంటుకి ఎరుపు, గ్యాస్‌కి పసుపు, మంచినీళ్లకి నీలం, మురుగుకి ఆకుపచ్చ, కేబుల్‌కి నారింజ. లాన్ నిండా ఆ రంగుల జెండాలు చూసి మావయ్య, ఇక్కడ ఇన్ని పార్టీలున్నాయా అన్నాడు. సొంతింట్లో సొంతంగా చేసుకునేవాడికి లైసెన్సు అక్కర్లేదని టెక్సస్ చట్టం మినహాయింపు ఇచ్చింది. బావలాంటివాళ్లని ఎవరూ ఆపలేరని శాసనసభకి ముందే తెలిసుండాలి.

ఆఖరికి అన్నీ అమిరాయి. ఇక ఆడిట్. లాన్ మీద అక్కడక్కడా ఒకే రకం డబ్బాలు పెట్టి, ఓ పావుగంట నీళ్లు వదిలి, దేంట్లో ఎంత పడిందో స్కేలుతో కొలవాలి. అమెరికావాళ్లు ఖాళీ ట్యూనా డబ్బాలు వాడతారు. శాకాహారపు ఇల్లు, ట్యూనా ఎక్కణ్ణుంచి వస్తుంది? నిలువు గోడలున్న గిన్నెలు కావాలన్నాడు బావ. అక్క పెళ్లికొచ్చిన నాలుగు స్టీలు క్యారియర్లూ విడదీసి, పదహారు గిన్నెలూ గళ్ల ప్రకారం గడ్డిలో పరిచాడు. దారిన పోయే తెల్లవాళ్లు మర్యాదగా తల తిప్పుకున్నారు, ఏదో పూజనుకుని.

తక్కువ పడిన నాలుగో వంతు గిన్నెల సగటుని, అన్నిటి సగటుతో భాగిస్తే వచ్చేది అసలు మార్కు. మధ్యన ఎంత కురిసినా లెక్కలోకి రాదు, అంచున ఎండేవాడికి ఎంత అందిందన్నదే చూస్తారు. బావది 0.71 వచ్చింది. ఎగిరి గంతేశాడు. మావయ్య మాత్రం ఆ అంచు గిన్నెల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "ఇయ్యి మా శివారు రైతులురా" అన్నాడు. "పైవాడు రెండు తడులు పెట్టినా మా చేనుకి వచ్చేసరికి కాలవలో తడే ఉండేది కాదు. మా తూముల దగ్గర ఎవుడన్నా ఇట్టా గిన్నెలు పెట్టుంటేనా..." ఆ రాత్రి తండ్రీకొడుకులు ఆ గ్రాఫు కాగితం మీద వంగి ఒంటిగంటదాకా మాట్లాడుకున్నారు. జోన్ 5 మూలనున్న రోటరుకి నాజిల్ మార్చాలన్న తీర్మానం మావయ్యదే.

ఇంతటి సిస్టమ్‌కీ లొంగనిది ఒక్కటే మిగిలింది, అక్క కుండీలో పెంచుకునే కరివేపాకు. దాని కోసమే జోన్ 8. గంటకి రెండు గ్యాలన్లిచ్చే ఒకే ఒక్క డ్రిప్పర్, దానికో వాల్వు, ఫిల్టరు, ప్రెషర్ తగ్గించే రెగ్యులేటరు. మావయ్య రోజూ పొద్దున్నే దానికి బియ్యం కడిగిన నీళ్లు పోసేవాడు. లెక్కలో లేని ఈ నీళ్లవల్ల డేటా పాడవుతోందని బావ గోల. మావయ్య వెనక్కి వెళ్లిపోయాడు, చలి మొదలైంది, కుండీ గరాజ్‌లోకి చేరింది. డ్రిప్పర్ మాత్రం బయట ఖాళీ గచ్చుకి బొట్లు బొట్లుగా నీళ్లు పెడుతూనే ఉంది. గరాజ్ గోడకి కన్నం కొట్టి లోపలికో పైపు లాగుదామని బావ మళ్లీ గ్రాఫు కాగితం తీశాడు.

"ఎందుకండీ, రోజుకో గిన్నెడు నేను పోస్తాగా!" అంది అక్క.

"గిన్నెడంటే ఎంత?"

"ఇదిగో, ఈ క్యారియర్ గిన్నె."

బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరే, ఇదైతే పర్లేదు. దీని వ్యాసం నా దగ్గరుంది."