యాభై గళ్ల కార్డుని నేను

పదివేల రూపాయల అప్పుకి వారానికి 225 చొప్పున 50 వారాలు కట్టాలని నా మీద గళ్లు గీశారు. వడ్డీ పన్నెండున్నర శాతమేనన్నారు. వారం వారం అసలు తరిగిపోతున్నా, వడ్డీ మాత్రం మొత్తం పదివేలకీ లెక్కగట్టారు. తరిగే అసలు మీద చూస్తే నిజమైన వడ్డీ ఇరవై నాలుగు శాతం దాకా తేలుతుంది.

2010 మొదట్లో రావులపాలెంలో ఒకావిడ చేతికొచ్చాను. ఆవిడ భర్త తోటల్లో గెలలు కొని, సైకిలుకి కట్టుకుని అరటి యార్డుకి తెచ్చేవాడు. నన్ను అచ్చేసిన కంపెనీ పేరు చెప్పను. ఆ రోజుల్లో అందరి పద్ధతీ ఒకటే.

సోమవారం పొద్దున్నే గుడి అరుగు మీద మీటింగు. ఐదుగురేసి వరసగా కూర్చోవాలి. ఒకరు కట్టకపోతే మిగతా నలుగురూ కట్టాలి. ఒక వారం వానకి లారీలు రాలేదు, యార్డులో గెల అడిగే నాథుడు లేడు. ఆవిడ దగ్గర ఎనభై రూపాయలే ఉన్నాయి.

"సాయంత్రం ఇత్తానండి బాబూ."

"డబ్బు పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదమ్మా," అన్నాడు లోను సారు.

ఎండ అరుగెక్కింది. చంటిపిల్ల తల్లి ఒకామె విసిగిపోయి నానా మాటలూ అంది. చివరికి పక్కనున్నావిడ చెవిదుద్దులు తీసి తాకట్టుకి పంపింది. పదకొండింటికి నా గడిలో సంతకం పడింది. మిగతా గళ్లలో సంతకాలకీ దీనికీ తేడా ఏమీ లేదు.

పైవాళ్లు చూసింది ఆ సంతకాలనే. నూటికి తొంభై తొమ్మిది వసూలు అని చూపిస్తే పెట్టుబడి పరుగెత్తుకొచ్చింది. పేదలకి అప్పులిస్తామంటూ పుట్టిన హైదరాబాదు ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010లో షేర్ మార్కెట్‌కి వెళ్లింది. షేరు 985 రూపాయలు, ఇష్యూ సుమారు 1,650 కోట్లు. అంతకు ముందే వ్యవస్థాపకుడు విక్రమ్ ఆకుల తన వాటాలో కొంత ట్రీలైన్ అనే హెడ్జ్ ఫండ్‌కి అమ్మాడు. ఇష్యూలో జార్జ్ సోరోస్ క్వాంటం ఫండ్ కూడా వాటా తీసుకుంది. అలాంటి డబ్బు ఏళ్ల తరబడి ఓపిక పట్టదు. ధర పెరగాలి, అమ్ముకుని బయటపడాలి. ధర పెరగాలంటే నాలాంటి కార్డులు పెరగాలి. అందుకే అడిగినా అడక్కపోయినా అప్పులిచ్చారు. రావులపాలెం ఆవిడ బియ్యం డబ్బాలో నాతోపాటు ఇంకో మూడు కంపెనీల కార్డులు చేరాయి. ఒక కార్డు వాయిదా ఇంకో కార్డు అప్పుతో తీరేది. తొంభై తొమ్మిది శాతంలో అదీ కలిసే ఉంది.

జిల్లా జిల్లా నుంచి అప్పు తీర్చలేనివాళ్ల ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. అప్పటికి నాలుగేళ్ల ముందే, 2006లో, కృష్ణా జిల్లాలో అధికారులు మైక్రోఫైనాన్స్ శాఖలకి తాళాలు వేశారు. ఆ హెచ్చరికని ఎవరూ చెవిన పెట్టలేదు. 2010 అక్టోబరు 15న రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇళ్ల మీదికెళ్లి వసూలు చేయకూడదు, వారం వాయిదాలు పోయి నెల వాయిదాలు రావాలి, బెదిరిస్తే జైలు. డ్వాక్రా మహిళా సంఘాలకి అప్పట్లో పావలా వడ్డీకి అప్పులిప్పిస్తున్నది ప్రభుత్వమే, ఆ ఆడవాళ్ల ఓట్లు కావలసినవి అన్ని పార్టీలకీ. కట్టొద్దని ప్రతిపక్షమూ అంది.

వసూళ్లు ఒక్కసారిగా పడిపోయాయి, బ్యాంకులు ఆ కంపెనీలకి అప్పులు ఆపేశాయి. రెండేళ్లు తిరక్కుండానే ఎస్‌కేఎస్ షేరు వంద లోపుకి జారింది. రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో వడ్డీ 24 శాతం దాటకూడదంది.

ఆర్డినెన్సు తప్పని నేననను. అరుగు మీద ఆ నిర్బంధం ఆగి తీరాల్సిందే. కానీ గెలలకి పెట్టుబడి మళ్లీ ఎవరిస్తారన్నది ఎవరూ చూడలేదు. నాలో చివరి పది గళ్లూ ఖాళీగా ఉండిపోయాయి. రావులపాలెం ఆవిడ రోజువారీ వడ్డీ వ్యాపారి దగ్గరికెళ్లింది. ఆయన దగ్గర కార్డు లేదు, గళ్లు లేవు. ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టించుకుని, వడ్డీ ముందే పట్టుకుని, మిగతాది చేతిలో పెట్టాడు.